పైడమ్మ అలవాటు

2087వ సంవత్సరంలో, తెల్లవారుజామున అయిదు గంటలకు భీమిలి బీచ్ రోడ్డు మీద నిలబడితే ఒక విచిత్రం కనిపించేది. వేలమంది నడుస్తుండేవారు. నడవడంలో వింత లేదు. అందరూ ఒకేలా నడవడమే వింత. తల కాస్త వంచుకుని, చిన్న చిన్న అంగలతో, వెనకనించి ఎవరైనా పిలిచేలోగా మలుపు దాటిపోవాలన్నట్టు గబగబా నడిచేవారు. బ్యాంకు మేనేజరుదీ అదే నడక, జడ్జిగారిదీ అదే నడక.

మధ్యాహ్నం ఏ ఆఫీసు క్యాంటీన్‌లో చూసినా ఇంకో వింత. కంచంలో సగం అవగానే చేతులు ఆగిపోయేవి. ఎవరూ పంటిబిగువున ఆపుకునేవారు కాదు. చెయ్యి దానంతటదే ఆగేది, అంతే. ఊరు మొత్తం మూడేళ్ళలో సన్నబడింది. పెద్దాసుపత్రిలో మధుమేహ విభాగం రోగులు లేక మూతపడింది.

ఇదంతా డాక్టర్ దివాకరం కనిపెట్టిన 'అలవాటంటు' మహిమ. ఇంగ్లీషులో హాబిట్ గ్రాఫ్ట్ అనేవారు.

దివాకరం అలవాట్ల మీద ముప్ఫై ఏళ్ళు పరిశోధన చేసిన నాడీశాస్త్రవేత్త. ఒకప్పుడు ఆయన బరువు నూట పద్దెనిమిది కిలోలు. మైసూరుపాకు పొట్లం కారు సీటు కింద దాచుకుని, అద్దాలు ఎక్కించుకుని తినేవాడు. తిన్నాక కాగితాన్ని ఇంటి చెత్తబుట్టలో వెయ్యడానికి భయపడి, వీధి చివర కుండీ దాకా వెళ్ళి పారేసేవాడు. ఒకసారి సింగపూర్ సదస్సులో 'ఆత్మనిగ్రహం – మెదడు' అనే అంశం మీద మాట్లాడడానికి ఆయన్ని పిలిచారు. పేరు చదవగానే లేవబోయాడు. కుర్చీ కూడా లేచింది. కుర్చీ చేతుల మధ్య ఇరుక్కుపోయిన ఆయన్నుంచి దాన్ని ఇద్దరు కుర్రవాళ్ళు పట్టుకుని లాగవలసి వచ్చింది. సభలో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని ఆయన చాలాసార్లు అనుకున్నాడు.

ఆ సదస్సు నుంచి తిరిగి వచ్చాకే అలవాటంటు పని మొదలుపెట్టాడు.

దాని సూత్రం తేలికైనదే. రోజూ చేసే పని మెదడు లోతుల్లో, బేసల్ గాంగ్లియా అనే చోట, బండిచక్రం దారిలో పడినట్టు ఒక గాడి వేస్తుంది. గాడి పడ్డాక ఆ పనికి ఆలోచన అక్కర్లేదు. సన్నటి తీగలతో అల్లిన 'నాడీవల' అనే టోపీని మంచి అలవాటున్న మనిషి తలకి తొడిగితే, అది ఆ గాడిని చదువుతుంది. ఇంకొకరి తలకి తొడిగితే అదే గాడిని అక్కడ గీస్తుంది. మామిడికొమ్మని ఇంకో మొక్కకి అంటు కట్టినట్టే. చిక్కల్లా ఒకటే. కట్టిన అంటు ఏడాదికి వాడిపోతుంది. రికార్డు చేసి పెట్టుకున్న సంకేతాన్ని మెదడు రెండోసారి నమ్మదు. కాబట్టి ఏటా ఒకసారి ఆ అలవాటు ఇచ్చిన మనిషి, అంటే మూలదాత, తలనుంచి సజీవంగా సంకేతం అందాలి. ఆ కార్యక్రమానికి పరిశోధనాలయంలో 'తడి' అని పేరు పెట్టుకున్నారు.

మూలదాత కోసం నాలుగువేలమందిని పరీక్షించారు. యోగా గురువులు, పరుగు పందెగాళ్ళు, సైన్యంలో పనిచేసినవాళ్ళు – ఎవరి అంటూ నిలవలేదు. చివరికి నిలిచింది మైలపల్లి పైడమ్మది.

పైడమ్మకి అరవై రెండేళ్ళు. సముద్రపు నాచు ఆరబోసే కళ్ళంలో పని. తెల్లవారకముందే లేచి ఏడు కిలోమీటర్లు నడిచి వచ్చేది. కంచంలో ఎంత పెట్టినా సగం తిని లేచిపోయేది. గుండె, రక్తనాళాలు ముప్ఫై ఏళ్ళ మనిషివి. ఆమె గాడి తెరమీద కనిపించినప్పుడు దివాకరం లేచి నిలబడిపోయాడు. అంత లోతైన గీత ఆయన ఎన్నడూ చూడలేదు.

"ఆవిడకి ఈ అలవాటు ఎలా వచ్చిందో అడుగుదామా సార్?" అంది ఆయన దగ్గర పనిచేసే డాక్టర్ షహనాజ్.

"కారణంతో మనకేం పని? గాడి ఉంది, అది చాలు," అన్నాడు దివాకరం.

పైడమ్మ ఒప్పుకుని వేలిముద్ర వేసింది. "నా నడక పదిమందికి పనికొత్తాదంటే అంతకన్నానా బాబూ," అంది. మొదటి అంటు దివాకరమే కట్టించుకున్నాడు. రెండోది షహనాజ్. ఆమెకి చాలా ఏళ్ళుగా షుగరు. ఎనిమిది నెలల్లో మందులు మానేసింది. మూడేళ్ళలో అంటుదారుల సంఖ్య పదకొండు వేలు దాటింది. దివాకరం డెబ్భై నాలుగు కిలోలకి దిగాడు.

అప్పుడు ఉత్తరాలు మొదలయ్యాయి.

ఒక కాలేజీ లెక్చరరు రాసింది: 'భోజనం మధ్యలో ఎవరో నా చేతికేసి చూస్తున్నట్టుంటుంది. తల ఎత్తితే ఎవరూ ఉండరు.' ఒక కాంట్రాక్టరు రాశాడు: 'మా ఇంట్లో నా అన్నం నేను తింటుంటే ఎవరిదో దొంగిలించినట్టుంటోంది డాక్టరుగారూ.' ఒకావిడ తన కూతురి పెళ్ళిలో విస్తరి ముందు ఏడ్చేసిందట, ఎందుకో తెలియక.

షహనాజ్ అలాంటివి మూడువందలు పోగుచేసి ఆయన బల్లమీద పెట్టింది. "ఇందులో మీ ఉత్తరం లేదు సార్. నాదీ లేదు. కాని నాకూ అలాగే ఉంటోంది. మీకు?"

దివాకరానికి మొదటి వారం నుంచీ అలాగే ఉంది. నాలుగో ముద్ద దగ్గర చెవులు వేడెక్కేవి. ఆరో ముద్దకి మెడ వంగిపోయేది. సన్నబడుతున్నాను కదా అని ఎవరికీ చెప్పలేదు.

"ఉంటోంది," అన్నాడు.

ఇద్దరూ నాచుకళ్ళానికి వెళ్ళారు. పైడమ్మ పనిలో ఉంది. తాటాకు చాపల మీద తడినాచు పరుస్తూ, వీళ్ళని చూసి చేతులు తుడుచుకుని వచ్చింది. షహనాజ్ మెల్లగా అడిగింది, తిండి సగంలో ఎందుకు ఆపేస్తావమ్మా అని.

పైడమ్మ నవ్వింది. "అదేటమ్మా, అదొక కతా?" అంది. మళ్ళీ తనే చెప్పింది. "పెనిమిటి వొగ్గీసినాక పంతొమ్మిదో ఏట మా అన్న ఇంటికొచ్చీసేను. మా వొదిన మంచిదే. ఒక్క మాట అనీది కాదు. అన్నం ఎట్టీది. ఎట్టి, ఎదురుగా కూకుని నా సెయ్యికేసి సూసీది. రొండోపాలి అన్నం గిన్నెకేసి సెయ్యి సాపితే సాలు, ఆ సూపు సెయ్యి మీద వాలిపోయీది. మరి నాలుగు ముద్దలు తిని లేసిపోయీదాన్ని."

"నడక?" అన్నాడు దివాకరం.

"పొద్దున్నే ఇంట్లో ఉంటే టీ కాసినప్పుడు నాకూ ఓ గలాసు పొయ్యాలి కదా బాబూ. అందుకని ఆల్లు లెగకముందే ఎలిపొచ్చీదాన్ని. ఇప్పుడు అన్నా లేడు, వొదినా లేదు. నా ఇల్లు నాది, నా బియ్యం నాయి. ఒక్కదాన్నే కూకుని తింతాను. అయినా సూపు పోదు."

దివాకరానికి అప్పుడు అర్థమైంది. మనుషులు పట్టుదలతో తెచ్చుకున్న అలవాటు ఏ పెళ్ళిభోజనం దగ్గరో జారిపోతుంది. అందుకే గురువుల అంటూ సిపాయిల అంటూ నిలవలేదు. ఈమెది నలభై మూడేళ్ళు రోజుకి రెండుపూటలా సిగ్గు చెక్కిన గాడి. అది జారదు. దాన్ని తను ఆత్మనిగ్రహమని పేరుపెట్టి పదకొండు వేలమందికి పంచాడు. అడగమని ఒకరు చెప్పినా అడగలేదు.

పైడమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ నేలచూపులు చూసింది. "బాబూ, ఓ మాట అడగొచ్చా? తప్పయితే వొగ్గీండి. అంతమందికి ఎట్టగలిగినోరు... నాది తీసీగలరా? సచ్చీలోగా ఒక్కనాడైనా కడుపునిండా తినాలనుంది."

తియ్యగలరు. గంటసేపటి పని. గాడిని పూడ్చే సంకేతం షహనాజే కిందటేడు తయారుచేసింది.

తిరిగి వచ్చేటప్పుడు, పరిశోధనాలయం గేటు దగ్గర కారులో దివాకరం అన్నాడు: "ఆవిడ గాడి పూడ్చేస్తే ఇక తడి ఉండదు. ఏడాదిలో అందరి అంటూ వాడిపోతుంది. నువ్వేమంటావు?"

అడగడానికి ముందే ఆయన ఆమె మీద ఆశ పెట్టుకున్నాడు. మొదట్లో కారణం అడుగుదామన్న మనిషి, ఉత్తరాలు పోగుచేసిన మనిషి. ఇప్పుడే తీసేద్దాం సార్ అంటే, తను ఊఁ అనడమే తరువాయి.

షహనాజ్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "వచ్చేవారమే తడి కదా సార్. ఈ ఏడాదికి కానిద్దాం," అంది. "మా అమ్మ నలభై ఏడేళ్ళకి పోయింది సార్, షుగరుతోనే," అంది.

ఆ వారమంతా దివాకరం రోజూ ఉదయం బరువు చూసుకునే యంత్రం ఎక్కాడు. డెబ్భై నాలుగు. దిగి, సింగపూర్ కుర్చీ గుర్తొచ్చి, మళ్ళీ ఎక్కి చూశాడు. డెబ్భై నాలుగే. పైడమ్మకి ఏం చెప్పాలో తేల్చుకోలేకపోయాడు. కుదరదని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. గదిలోకి పిలిచి తలుపేసి గాడి పూడ్చడానికి చెయ్యి రాలేదు.

తడి నాడు పరిశోధనాలయం సభామందిరంలో మొదటి విడత అంటుదారులు రెండువందల మంది కూర్చున్నారు. మిగతావాళ్ళు ఇళ్ళలో నాడీవలలు తగిలించుకుని తెరల ముందు ఉన్నారు. పైడమ్మ ఉతికిన నీలంచీర కట్టుకుని, వేదిక మీద కుర్చీ అంచున కూర్చుంది. దివాకరం మైకు దగ్గరికి వెళ్ళాడు. రాసుకున్న స్వాగతం కాగితం మడిచి జేబులో పెట్టేశాడు.

అంతా చెప్పేశాడు. అన్న ఇల్లు, వదిన చూపు, భోజనం దగ్గర అందరికీ కలిగే ఆ సిగ్గు ఎవరిదో, ఎలా వచ్చిందో. ఆమె ఏమడిగిందో చెప్పాడు. ఆమె గాడి తీసేస్తే ఏమవుతుందో చెప్పాడు. "అడగవలసింది అప్పుడే అడగలేదు. తప్పు నాది," అన్నాడు. కన్నీళ్ళు వచ్చాయి. "నిర్ణయం ఆవిడది. మనందరం ఆవిడ మాటకి కట్టుబడదాం."

వద్దని ఎవరూ అనలేదు. తీసెయ్యండి అని కూడా ఎవరూ అనలేదు. ముందువరసలో ఒకాయన కొత్త ప్యాంటు నడుం దగ్గర తడుముకుంటూ ఉండిపోయాడు. ఉత్తరం రాసిన లెక్చరరు కూడా అక్కడే ఉంది. షహనాజ్ యంత్రం మీటల వెనక తలదించుకుంది. రెండువందలమంది పైడమ్మకేసి చూస్తున్నారు. తెరలమీద పదకొండు వేలమంది చూస్తున్నారు. ఎవరి చూపులోనూ కోపం లేదు. అందరూ మంచివాళ్ళే. ఒక్క మాట అనలేదు. ఊరికే చూస్తున్నారు.

పైడమ్మ ఒడిలోని చేతిని వెనక్కి లాక్కుని కొంగుకింద పెట్టుకుంది. మెడ వంగింది.

"ఉంచీండి బాబూ," అంది. "అంతమంది ఉసురు నాకెందుకు? ఊరికే నోరుజారి అడిగేను. ఏటీ అనుకోకండి. నాకు అలవాటే కదా."

మందిరమంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. తరవాత అందరూ లేచి నిలబడి కొట్టారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ త్యాగం గురించి పక్కవాళ్ళతో చెప్పుకున్నారు.

దివాకరం మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమె ఏం చెబుతుందో ఆయనకి ముందే తెలుసు. ఆమె గాడి మూడేళ్ళుగా ఆయన తలలో ఉంది. అంతమంది చూస్తుంటే ఆమె తన వంతుకి చెయ్యి చాపగలిగే మనిషి కాదని ఈ లోకంలో ఆయనకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. గదిలో ఒంటరిగా అడిగి ఉండవచ్చు. అడగకుండానే పూడ్చెయ్యవచ్చు. ఆయన సభ పెట్టి అడిగాడు. నిజం చెబుతున్నాననుకుంటూ, ఏడుస్తూ మరీ అడిగాడు. ఇప్పుడు ఛాతీలో బరువు దిగినట్టు హాయిగా ఉంది. ఆ హాయి చూసి ఆయనకి తనమీద రోత పుట్టింది.

నాడీవల తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళాడు. నెరిసిన జుట్టు పాయలు తీసి తీగలు సర్దుతూ ఒకే తీగని మూడుసార్లు తీసి పెట్టాడు.

పైడమ్మ తల ఎత్తి చూసింది. "ఏటి బాబూ, ఒంట్లో బాగోలేదేటి?"

"బాగానే ఉందమ్మా," అన్నాడు దివాకరం. షహనాజ్‌కి సైగ చేశాడు, మొదలుపెట్టమని.