నాలుగో నంబరు పిడికి కొత్త చీల

కార్యదర్శి నెజు చనిపోయి పదకొండు నిమిషాలైంది. హాల్లో మాత్రం టీ చల్లారిపోయిందని గొడవ జరుగుతోంది.

"గుండెపోటు," అన్నాడు డాక్టర్ హతకెనాకా, వరండాలో పడివున్న శవం మణికట్టు వదిలి చేతులు తుడుచుకుంటూ. ఆయన పళ్ల డాక్టరు. "పాపం, మంచివాడు. అయినా కత్తులు ఒరల్లోంచి తీసేశాం. గాలి తేమగా ఉంది. ఆలస్యం చేస్తే తుప్పు పడుతుంది. ఇక మొదలెడదామా?"

పద్దెనిమిది మంది పెద్దమనుషులు తలలూపారు. శవం మీద ఎవరో పాత దుప్పటి కప్పారు. కత్తికైతే పట్టుబట్ట వెతికేవాళ్లే.

1974 అక్టోబరు. ఒకాయామాలో సెతో ఖడ్గ పరిశీలన సంఘం శరత్కాల సభ. గోడ గడియారంలో రెండు గంటల పదకొండు నిమిషాలు.

గుమ్మం పక్కన, అందరికంటే చివరి చాప మీద కూర్చున్న లావాటి మనిషి పేరు బెప్పు. ఒసాకాలో పాచింకో జూదశాలల యజమాని. నెమలిపింఛం టై, బంగారుపన్ను, ఎడమ చెవిలో వినికిడి యంత్రం. కత్తులు సేకరించడం మొదలుపెట్టి మూడు నెలలే అయింది.

ఆ పొట్ట దూదిది. పన్ను మీద ఉన్నది తొడుగు. వినికిడి యంత్రం రేడియో. అసలు మనిషి కుజె సదహారు, ప్రభుత్వ గూఢచారి విభాగంలో ఏజెంట్ నంబర్ తొమ్మిది.

కుజె దగ్గుతున్నట్టు తలవంచి టైపిన్ నొక్కాడు.

"చీఫ్. పీచ్ పండుకి పురుగు పట్టింది."

"ఎవరు?" చెవిలో చీఫ్ నరుమి గొంతు.

"నెజు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు. మన మందుల డబ్బాలో ఉండే సరుకు కాదు. విదేశీది."

"ఫిల్మ్?"

"ఇంకా ఈ ఇంట్లోనే ఉంది."

"మూడు గంటలకి రూడెక్ బయల్దేరతాడు. అతని చేతిలో పడిందా, ఇక మనం ముట్టుకోలేం. దౌత్య పాస్‌పోర్టు. పైవాళ్లు ఒక్క మనిషిని సోదా చెయ్యడానికే ఒప్పుకున్నారు. ఒక్కరినే, కుజె. అక్కడున్న వాళ్లందరికీ మంత్రులు చుట్టాలు. తప్పు మనిషిని పట్టుకున్నావో, రూడెక్ దర్జాగా నడిచి వెళ్లిపోతాడు."

"ఇసాకీ సంగతి?"

"లిస్టులో ఏడో పేరు."

సముద్రానికి అవతల ఒక ఓడరేవులో ఇసాకీ ఆరేళ్లుగా ఎండు చేపల వ్యాపారిగా బతుకుతున్నాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు. నాలుగేళ్ల కూతురు. శిక్షణలో కుజె మంచం పక్క మంచం అతనిదే. ఆ ఫిల్మ్‌లో అలాంటి పేర్లు పద్నాలుగు. విదేశాంగశాఖ పెద్ద ఒకాయన తన ఇంటి బీరువాలో దాచుకున్న జాబితాను ఎవరో ఫోటో తీశారు. ఆ వారం ఆ ఇంటికి, ఆయన పాత కత్తులు చూసే నెపంతో వెళ్లినవాళ్లు నలుగురు. అందరూ ఈ సంఘం వాళ్లే. కార్యదర్శి నెజు, డాక్టర్ హతకెనాకా, కోబేలో పురాతన వస్తువుల దుకాణం నడిపే వితంతువు అయాకో, న్యాయనిర్ణేత ఉకాయ్ గురువుగారు.

నెజు పోయాడు. మిగిలినవాళ్లు ముగ్గురు.

"మొదటి బిడ్!" అని కేక వినపడింది.

ఈ ఆట నియమం చిన్నది. బల్ల మీద నంబర్లు వేసిన అయిదు కత్తులు. చేసినవాడి పేరు చెక్కిన మొదలు భాగాన్ని సాదా చెక్కపిడిలో కప్పేస్తారు. ఇనుము చూసి కమ్మరి పేరు కాగితం మీద రాసి న్యాయనిర్ణేతకి ఇవ్వాలి. ఆ కాగితమే బిడ్. మూడు అవకాశాలు. ఆయన జవాబులు కూడా లెక్కే. "కాదు" అంటే కాదు. "దారి సరే, ఊరు వేరు" అంటే దగ్గరికొచ్చావు. "తగిలింది" అంటే గెలిచావు. ఎనభై ఒక్క ఏళ్ల ఉకాయ్ గెన్‌పాచి నలభై ఏళ్లుగా ఆ మూడు మాటలూ చెబుతున్నాడు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. సొంత తమ్ముడి బిడ్‌ని సైతం మొహం మీద "కాదు" అన్న మనిషి.

కుజె కత్తి ముందు వంగి నమస్కరించి, రెండు చేతులతో ఎత్తి, దీపం వైపు తిప్పాడు.

"ఉప్పు కాగితం బెప్పు చూస్తున్నాడర్రా," అన్నాడు డాక్టరు. "జాగ్రత్త, జేబులు వెతకండి. తోమేస్తాడు."

హాలంతా నవ్వింది.

ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. మూడు నెలల క్రితం మారువేషం కోసం కొన్న మొదటి కత్తిని కుజె విప్పి చూశాడు. పిడిలో దాగే భాగమంతా నల్లగా తుప్పు. సంఘానికి మర్యాదగా చూపిద్దామని ఉప్పు కాగితంతో తళతళా తోమి తెచ్చాడు. అయిదువందల ఏళ్ల వయసుకి సాక్ష్యం ఆ నల్ల తుప్పే. ఒక సాయంత్రంలో అయిదు శతాబ్దాలు రాల్చేశాడు. ఉకాయ్ గురువు దాన్ని చూసి కళ్లు మూసుకున్నాడు. తర్వాత శిక్ష వేశాడు. పిడికీ కత్తికీ అడ్డంగా దిగే వెదురు చీలలు చెక్కాలి. అగ్గిపుల్ల పొడవుండే ఆ చీల ఊడితే కత్తి ఎగిరిపోతుంది. మూడు నెలల్లో కుజె రెండువందల చీలలు చెక్కాడు. గురువు ఒక్కొక్కటీ చూసి, "పళ్లు కుట్టుకో" అని కిటికీలోంచి పారేసేవాడు. పక్కనే తను ఒకటి చెక్కి పెట్టేవాడు. వెదురు తొక్క ఎటు ఉండాలో అటు, మూడు కత్తి వేట్లలో వాలు, చివర వడ్లగింజంత చదును.

కుజె కాగితం మీద "మసమునె" అని రాసి అందించాడు. అందరిలోకీ పేరుమోసిన కమ్మరి. కొత్తగా చేరిన ప్రతివాడూ రాసే పేరు అదే.

మిగతావాళ్ల కాగితాల్ని ఉకాయ్ మౌనంగా చదువుతాడు. బెప్పు కాగితాన్ని మాత్రం పైకి చదివి అందరికీ వినోదం పంచుతాడు. మూడు నెలలుగా అదొక అలవాటు.

"మసమునె," అని చదివాడు గురువు. "మన బెప్పు గారికి వంకాయ చూపించినా మసమునె చేశాడనే అంటారు. కాదు."

నవ్వులు. ముందు వరసలో విదేశీ రాయబార కార్యాలయ సాంస్కృతిక అధికారి రూడెక్ కూడా మర్యాదగా నవ్వాడు. అతని ఒళ్లో ఖాళీ చెక్కపెట్టె ఉంది. అయాకో దగ్గర కొన్న నాలుగో నంబరు కత్తి అలంకార సామగ్రి, అంటే నగిషీల పిడీ ఒరా, అందులోకి వెళ్తుంది. సభ చివర గురువు ఆ పెట్టె మూత మీద తన చేతిరాతతో ధ్రువీకరణ రాసి, రాసిన కుంచెను కూడా కానుకగా ఇస్తాడు.

కుజె పక్క గదికి నడిచాడు. అక్కడ పిడులు, ఒరలు, ఇనుప బిళ్లలు పరిచి ఉన్నాయి. వాటి మధ్య అయాకో నిలబడి ఉంది. ఊదారంగు కిమోనో, నల్లటి కళ్లు. ఆమె రూడెక్ ముఠాకీ పనిచేస్తుంది, నరుమికీ పనిచేస్తుంది. ఇద్దరికీ ఆ విషయం తెలుసు.

"నెజుని చంపింది నువ్వా?" అడిగాడు కుజె.

"ఛీ. నేను చంపితే గుర్తు కనబడేలా సూది గుచ్చుతానా? డాక్టరుని చూసుకో. అతని సంచీ నిండా సూదులే."

"మీ ముఠా మనిషెవరో నీకు తెలీదా?"

"నిజంగా తెలీదు బాబూ. కోబే నుంచి నాలుగో నంబరు సరుకు తెమ్మన్నారు, తెచ్చాను. అతను నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నన్ను మనిషిలా చూడడనుకుంటా."

"ఈ ఇంట్లో నిన్ను మనిషిలా చూసేవాడెవడు?"

"అదీ నిజమే," అంది ఆమె. ఈసారి నవ్వలేదు.

కుజె నాలుగో నంబరు పిడి చేతిలోకి తీసుకున్నాడు. అసలు కత్తి హాల్లో ఉంది. అలంకార సామగ్రి ఊడిపోకుండా పిడిలోనూ ఒరలోనూ చెక్కతో చేసిన ఉత్తుత్తి కత్తి దూర్చి పెడతారు. దాన్ని ఎవరూ చూడరు. చూస్తే తమ పరువు పోతుందనుకునే జాతి ఇది.

చిన్న ఇత్తడి సుత్తితో చీల బయటికి తోశాడు. చెక్క కత్తి మొదట్లో పెన్సిలు లావున తొలిచిన గుంట కనిపించింది. లోపల ఏమీ లేదు.

"నెజు దీన్ని కనిపెట్టాడు," అన్నాడు కుజె మెల్లగా. "విప్పి పట్టుకుని ఎవరికో చూపించాడు. ఆ 'ఎవరో' అతన్ని చంపి, ఫిల్మ్ తీసుకుని, పిడి మళ్లీ బిగించాడు. పాత చీల నెజు గుప్పిట్లో బిగుసుకుపోయింది. శవం దగ్గర చూశాను. మరి ఈ చీల ఎక్కడిది?"

చీల ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సోయా సాస్ వాసన. మధ్యాహ్నం డబ్బా భోజనంతో ఇచ్చిన వెదురు పుల్లని చెక్కి, పాతదానిలా కనబడాలని సాస్‌లో ముంచారు.

"డాక్టరే," అంది అయాకో. "వేళ్లలో నేర్పున్నవాడు."

కుజె చీలని వెలుతురుకి పట్టాడు. తొక్క ఎటు ఉండాలో అటే ఉంది. మూడు వేట్లలో వాలు. చివర వడ్లగింజంత చదును.

దాన్ని జేబులో వేసుకున్నాడు.

ఇది బిగించేటప్పుడు హంతకుడి పక్కన శవం పడుంది. ఎవరైనా రావచ్చు. బిగించేది పనికిమాలిన చెక్కముక్కని. ఎవడైనా పుల్ల విరిచి దూర్చేసి పోతాడు. ఈ మనిషి మాత్రం నిలబడి, పద్ధతిగా చీల చెక్కాడు. వంకర చీల దిగ్గొట్టడానికి అతనికి చెయ్యి రాలేదు.

ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. సూది దిగింది మెడ వెనక, పైనుంచి కిందికి. నెజు గర్విష్ఠి. డాక్టరుకి తల కాస్త ఆడిస్తాడు, అయాకోకి అదీ లేదు. నుదురు చాపకి ఆనేలా అతను వంగేది ఈ ఇంట్లో ఒక్కరికే.

"రెండో బిడ్ గడువు అయిపోవచ్చింది!" హాల్లోంచి కేక.

కుజె వెళ్లి, గోడవారగా గురువు దగ్గర మోకరిల్లాడు. గడియారంలో రెండూ నలభై. రెండో కాగితం అందించాడు. దానిమీద పాత ఒకాయామా కమ్మరి ఒకడి పేరుంది.

"అబ్బో!" అన్నాడు ఉకాయ్. "దారి సరే, ఊరు వేరు. బెప్పు గారు చదువుకుంటున్నారు. ఒసాకాలో జూదం ఆడేవాళ్లు తగ్గిపోయినట్టున్నారు."

"గురువుగారూ, ఒక సందేహం," అన్నాడు కుజె ఒసాకా వ్యాపారి మోటు గొంతుతో. "యుద్ధం అయ్యాక మీ ఇంటి కత్తిని విదేశీ సైనికులు పట్టుకెళ్లారని విన్నా. మళ్లీ కనబడిందా?"

ముసలి చేతులు చాప మీద కదలడం మానేశాయి.

"కనబడుతుంది," అన్నాడు ఉకాయ్, గొంతు తగ్గించి. "త్వరలో. దాని విలువ మీలాంటివాళ్లకి అర్థంకాదులెండి. మనుషులు పుడతారు, పోతారు. అలాంటి ఇనుము మళ్లీ పుట్టదు."

పద్నాలుగు మంది. నాలుగేళ్ల పిల్ల. వాళ్లకి బదులుగా ఒక ఇనుప ముక్క. ఈయన దగ్గర మూడు నెలలు తలవంచి కూర్చున్నందుకు కుజెకి తనమీదే అసహ్యం వేసింది.

టైపిన్ నొక్కాడు. "చీఫ్. గేట్లు మూయించండి. మనిషి తెలిశాడు."

"పేరు?"

"నేను చెప్పను. ఆయనే చెబుతాడు."

"కుజె, ఇది నాటకం కాదు. సాక్ష్యం?"

"వెదురు పుల్ల."

చెవిలో ఒక బూతు వినిపించి, రేడియో ఆగిపోయింది.

రెండూ యాభై ఆరు. రూడెక్ లేచి ముందుకొచ్చాడు. గురువు పెట్టె మూత మీద చివరి అక్షరం రాసి, లావాటి వెదురు కుంచెను కడిగి, తెల్లకాగితంలో చుట్టసాగాడు. రూడెక్ రెండు చేతులూ చాచాడు.

"ఆగండి, ఆగండి!" కుజె పొట్ట ఊపుకుంటూ అడ్డంగా వచ్చి పడ్డాడు. "నా మూడో బిడ్ మిగిలుంది!"

"సిగ్గులేదూ!" అన్నాడు డాక్టరు. "అతిథిని నిలబెట్టి... ముందు ఆ బంగారుపన్ను ఎవడు కట్టాడో చెప్పవయ్యా, వాడి మీద కేసు వేస్తాను."

"నియమం నియమమే," అన్నాడు ఉకాయ్ విసుగ్గా. కుంచె ఎడమ చేతిలోనే ఉంది. కుడి చేత్తో కాగితం అందుకున్నాడు. "కానివ్వండి. చివరిసారి నవ్వుకుందాం."

మడత విప్పాడు. లోపల్నుంచి సోయా రంగు చీల ఒకటి ఆయన అరచేతిలోకి జారింది.

దాన్ని గుర్తుపట్టడానికి ఆయనకి అద్దాలు అక్కర్లేదు.

తర్వాత కాగితం చూశాడు. ఎనభై ఒక్క ఏళ్ల మొహంలో నవ్వు ఒక్కో ముడతలోంచీ తొలగిపోయింది. బయట తోటమాలి వేషాల్లో ఉన్న నలుగురు ఏజెంట్లు కత్తెరలు కింద పడేశారు.

"చదవండి గురువుగారూ!" వెనకనుంచి ఎవరో అరిచారు. "మళ్లీ మసమునేనా?"

"పైకి చదవాలి!" ఇంకొకరు. "మా వినోదం మాకు కావాలి!"

రూడెక్ చేతులు ఇంకా చాచే ఉన్నాయి. కుంచె వాటికి జానెడు దూరంలో ఉంది.

"ఆ చీల చాలా బాగుంది గురువుగారూ," అన్నాడు కుజె. ఒసాకా మోటుతనం గొంతులోంచి పోయింది. "నేను చెక్కినట్టు చెక్కి ఉంటే మీరు దొరికేవాళ్లు కాదు. 'కాదు' అనండి. ఒక్క మాట. నేను తలవంచుకుని వెళ్లిపోతాను."

గడియారం మూడు కొట్టడం మొదలుపెట్టింది.

ఉకాయ్ చీలని మరోసారి తిప్పి చూసుకున్నాడు. లోపం వెతికాడు. కనబడలేదు. బోలు వెదురులో ఫిల్మ్ దాచిన ఆ కుంచెను రూడెక్ చేతుల్లో కాక, కుజె మోకాళ్ల ముందు చాప మీద పెట్టాడు. నడుం నిటారుగా చేసి, నలభై ఏళ్లుగా చదివే గొంతుతోనే చదివాడు.

"ఉకాయ్ గెన్‌పాచి."

హాలు పగలబడి నవ్వింది.

"తగిలింది," అన్నాడు ఆయన.

నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. తోటమాలులు బూట్లతోనే చాపలెక్కి లోపలికొచ్చారు. రూడెక్ మెల్లగా చేతులు దించుకున్నాడు.

డాక్టర్ హతకెనాకా ఒక్కడే కత్తి వైపూ గురువు వైపూ మార్చి మార్చి చూసి, కోపంగా లేచి నిలబడ్డాడు.

"అదెలా తగిలిందండీ? కత్తికి ఆరువందల ఏళ్లున్నాయి. గురువుగారికి ఎనభై ఒకటే కదా!"