నాలుగు వందల పదమూడో పని

ఆ రోజు తెల్లవారేసరికి తరళ ఇల్లు అతిథి ద్వారం పక్కన ఆగి ఉంది. ముందురోజు అది మిరపకాయల మార్కెట్టు వెనక ఉండేది, అంతకు ముందురోజు ఏటి ఒడ్డున. తలుపు తీస్తే ఎదురుగా ఏముంటుందోనని జంగమపట్నంలో ఎవరూ ఆలోచించరు. పని ఎక్కడుంటే ఇల్లు అక్కడుంటుంది. తరళ వచ్చినవాళ్ళకు రాజధానిని చూపించే పరిచయకర్త కాబట్టి, కొత్త అతిథి వచ్చే రోజున ఆమె ఇల్లు ద్వారం దగ్గరికి రావడం మామూలే.

మామూలు కానిదల్లా ఆ వచ్చిన మనిషే. పేరు సూరమ్మ. డెబ్భై దాటిన వయసు, మోకాళ్ళ నొప్పులు, చంకలో గుడ్డసంచి, నోటినిండా ప్రశ్నలు. దేశంలో ఇళ్ళు కదలని ఊళ్ళు మూడో నాలుగో మిగిలి ఉంటే, వాటిలో ఆమెది ఒకటి, కొండదిగువ. మీ ఇళ్ళనీ కదిలిస్తాం, ఒప్పుకుంటారా అని రాజధాని అడిగింది. ఎవరో ఒకరు వెళ్ళి చూసి, చూసింది చూసినట్టు చెప్పాలని ఊరు అనుకుంది. ఉన్నమాట మొహం మీద అనేసే మనిషి ఎవరా అంటే అందరూ సూరమ్మ వైపే చూశారు.

"జంగమపట్నానికి స్వాగతం పెద్దమ్మగారూ. ఇక్కడ మీరు దేనికోసమూ మూడు వందల అడుగులకు మించి నడవక్కర్లేదు," అంది తరళ. పదేళ్ళుగా ఆమె చెబుతున్న మొదటి మాట అది.

"పెద్దమ్మా అను చాలు. గారు తగిలిస్తే వెనకెవరో ఉన్నారేమోనని చూడాల్సొస్తుంది," అంది సూరమ్మ. "మూడొందల అడుగులన్నావు. నీవా, నావా?"

తరళకు నవ్వొచ్చింది. ఆ సందేహం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

ఆమె ముసలావిడ మణికట్టుకు, పట్నంలో అందరి చేతికీ ఉండే దిక్కుబిళ్ళ కట్టింది. అది పాత రూపాయంత రాగి బిళ్ళ, మధ్యలో సన్నటి ముల్లు. పని చెబితే ముల్లు దారి చూపిస్తుంది, పనేమీ లేనప్పుడు సొంత ఇంటివైపు తిరిగి ఉంటుంది. పట్నంలో ఎవరికి ఏ రోజు ఏ పనుందో తెలుసుకుని, రోజూ తెల్లవారుజామున ఇళ్ళన్నింటినీ వాటి అరుగులతో సహా జరిపి సర్దే యంత్రబుద్ధిని కూర్పరి అంటారు. పిల్లల ఇల్లు బడి దగ్గరికి, నేతగాడి ఇల్లు మగ్గాల దగ్గరికి వెళ్తాయి. కాళ్ళరిగేలా తిరిగామనే మాట ఇక్కడి పిల్లలకు అర్థం చెబితే గానీ తెలియదు.

ఇద్దరూ వీధిలోకి వచ్చేసరికి ఒక మేడ వాళ్ళ ముందు నుంచి మెల్లగా జారుతూ వెళ్ళింది. డాబా మీద చీరలు ఆరుతున్నాయి. కిటికీలోంచి ఒక ఆడమనిషి మూలుగు వినిపించింది.

"పగటిపూట కదిలే ఇల్లు ఇదొక్కటే," అంది తరళ. "పురిటి ఇల్లు. నొప్పులు మొదలవగానే ఇల్లు ఇల్లంతా ఆసుపత్రికి వెళ్ళిపోతుంది."

సూరమ్మ ఆ మేడ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. "మా చెల్లెలు డోలీలో పోయింది," అంది చివరికి. "నలుగురు మోస్తున్నారు, వానొచ్చింది, దారి జారింది. ఇలాంటిదుంటే బతికేది." మళ్ళీ తరళ వైపు తిరిగి, "మరి ఆ పిల్ల పురిటికెళ్ళిందని పక్కింటివాళ్ళకి తెలుసా?" అని అడిగింది.

"పక్కిల్లంటే... ఈరోజు పక్కనున్న ఇల్లా?"

"ఈరోజు, రేపు అని ఉంటుందేటమ్మా పక్కింటికి?"

తరళ ఆమెను పనుల గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. అతిథులు ముచ్చటపడి చూసే చోటు అది. కూర్పరి గుర్తించే పనులన్నీ అక్కడ నల్లరాతి మీద చెక్కి ఉన్నాయి, నాలుగు వందల పన్నెండు. ఉద్యోగం, చదువు, వైద్యం, పెళ్ళిచూపులు, చుట్టరికం, వ్యాజ్యం, ఈత. గోడ మీద ఉన్న పనికైతే ముల్లు తిరుగుతుంది, లేనిదానికి తిరగదు. ఊరికే ఒక పేరు చెప్పి ఇల్లెక్కడని అడిగితే కూర్పరి చెప్పదు, అలా చెప్పకూడదని చట్టం.

"చివర్న ఈ ఏనుగేంటి?" అంది సూరమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ. నాలుగు వందల పదో పని: ఏనుగును చూడటం.

"అది ఒక అతిథి చేర్చింది. వచ్చిన ప్రతి అతిథికీ ఒక పని చేర్చే హక్కుంది పెద్దమ్మా. లోపల ఉన్నవాళ్ళకి లోటు తెలియదని, బయటివాళ్ళకి కనిపిస్తుందని పట్నం కట్టినవాళ్ళు పెట్టారు. చాలామంది ఏమీ చేర్చకుండానే వెళ్ళిపోతారు."

సూరమ్మ గోడను మొదటినుంచి చివరిదాకా చదివింది. అరగంట పట్టింది. గోడ దగ్గర కూర్చునే అధికారి ఉమాపతి, యాభై ఏళ్ళ పెద్దమనిషి, కుర్చీ తెప్పించి ఇచ్చాడు. అంతా చదివి, "నా మాట సాయంత్రం చెబుతాను నాయనా," అని లేచింది.

మధ్యాహ్నం భోజనం పరిచయకర్త ఇంట్లోనే. తరళ ఒంటరిగా ఉంటుంది. వంటగదిలో గాజుగిన్నెలు, తెల్లటి పళ్ళేలు, అన్నీ ఒకే తీరు. వాటి మధ్యన ఒక ఇత్తడి గిన్నె తళతళలాడుతోంది. సూరమ్మ చొరవగా దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పింది. అంచు కింద చుక్కలతో కొట్టిన పేరుంది: పి. లలితాంగి.

"మీ అమ్మా?"

"కాదు. మా అమ్మ పోయిన రోజున వచ్చిన గిన్నె."

తరళ చెప్పడం మొదలుపెట్టింది. అతిథులకు చెప్పే మాటలు కావవి, అందుకే తడబడింది. తొమ్మిదేళ్ళ కిందట తల్లి పోయింది. ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. కార్యాలయం నుంచి పూలు వచ్చాయి, సంతాపం అచ్చువేసిన కాగితం వచ్చింది. సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. ఆ రోజుకు పక్కనున్న ఇంటావిడ. ఏమీ అడగలేదు, పేరైనా చెప్పలేదు. గిన్నెలో చారన్నం కలిపి, ముద్దలు చేసి నోట్లో పెట్టింది. తరళ ఆ ముద్ద మింగాకే ఏడ్చింది.

"ఆవిడ ముఖం గుర్తులేదు పెద్దమ్మా. చెయ్యి గుర్తుంది."

"మరి గిన్నె ఇంకా నీ దగ్గరే ఉందేం?"

"మైల ఇంటి నుంచి గిన్నె పంపకూడదని మా అమ్మే అనేది. పదకొండో రోజు శుద్ధయ్యాక ఇద్దామనుకున్నాను. చావు జరిగిన ఇంటిని అన్ని రోజులూ కదపదు కూర్పరి, అదొక మర్యాద. తలుపులన్నీ వేసుకుని కూర్చున్నాను. నా ఇల్లు కదలకపోయేసరికి ఏవీ కదలడం లేదనే అనిపించింది. పదకొండో రోజు గిన్నె తోముకుని బయటికొస్తే పక్కన బట్టల కొట్టుంది."

ఆ రోజే ఆమె కూర్పరిని అడిగింది. గిన్నె తిరిగివ్వడం జాబితాలో లేదని జవాబొచ్చింది. వస్తువైతే పెట్టెలో పెట్టండి, మేమే చేరుస్తామంది.

"పెట్టెలో పెట్టలేకపోయావా?"

"ఆవిడ పెట్టెలో పంపలేదు కదా పెద్దమ్మా," అంది తరళ. "తొమ్మిదేళ్ళయింది. రోజూ తోముతాను. ఆవిడకి ఒక్క మాట చెప్పాలి. చెప్పకుండానే ఆవిడ పోతే, ఇక నేనెవరికి చెప్పుకోను?"

సూరమ్మ గిన్నెను బల్ల మీద పెట్టింది. "సరే లే. చింతపండుందా ఇంట్లో?"

"దేనికి?"

"ఖాళీ గిన్నె పట్టుకెళ్తావా ఏటి?"

తరళ పులిహోర చేయడం అదే మొదలు. సూరమ్మ కుర్చీలో కూర్చుని చెప్పింది గానీ గరిట ముట్టలేదు, నీ బాకీ నా చేత్తో తీరదంది. ఆవాలు చిటపటలాడి ఒకటి తరళ చేతి మీద పడింది. ఉప్పు రెండుసార్లు వేసింది, కంగారులో గమనించుకోలేదు.

సాయంత్రం పనుల గోడ దగ్గర సూరమ్మ చేర్చమన్న పనికి ఉమాపతి వెంటనే ఒప్పుకోలేదు. "గిన్నె తిరిగివ్వడం పని కిందికి వస్తుందా అమ్మా? ప్రతి పనికీ ఎంతసేపు పడుతుందో రాయాలి."

"ఇవ్వడానికి క్షణం. కూర్చోమంటే గంట. రాసుకో."

"రెండూ ఎలా రాయనండి?"

"పుచ్చుకునేవాళ్ళ ఇష్టం అని రాయి నాయనా. అంత ఆలోచిస్తావేం?"

అతను రాశాడు. గోడ మీద కొత్త వరుస చెక్కుకుంది. కూర్పరి గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా వినిపించింది: "నాలుగు వందల పదమూడో పని చేరింది. ఈ పని కోసం ఇంతకుముందు తిరస్కరించిన వినతులన్నింటినీ తెరుస్తున్నాను."

తరళ మణికట్టు మీద ముల్లు వణికింది. తొమ్మిదేళ్ళుగా పని లేనప్పుడల్లా ఇంటివైపే చూసిన ముల్లు మెల్లగా తూర్పుకు తిరిగి ఆగింది. ఆమె గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది.

ఉమాపతి లేచి నిలబడ్డాడు. అతని ముల్లు కూడా తిరిగింది, ఉత్తరానికి. "మా అన్నయ్య పోయినప్పుడు," అన్నాడు వాళ్ళ వైపు చూడకుండా, "ఎవరో క్యారేజీ ఇచ్చి వెళ్ళారు. నాలుగు గిన్నెల క్యారేజీ. అడిగి ఊరుకున్నాను." బల్ల సొరుగుకు తాళం వేయడం కూడా మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు.

బయట వీధిలో జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగి మణికట్లు చూసుకుంటున్నారు. కొందరు ఇళ్ళలోకి పరుగెత్తి, కొంగుల కింద, సంచుల్లో ఏవేవో దాచుకుని వస్తున్నారు. మరుసటి తెల్లవారుజాముదాకా ఇళ్ళు కదలవు కాబట్టి అంతా నడవాల్సిందే. లలితాంగి ఇల్లు నాలుగు వేల అడుగుల దూరంలో ఉందని బిళ్ళ చెప్పింది. అంత దూరం నడవడం తరళ ఎరగదు. సగం దారిలోనే ఆమె పిక్కలు పట్టేశాయి.

"మోకాళ్ళ నొప్పులు నాకా, నీకా?" అంది సూరమ్మ ముందు నడుస్తూ.

చిన్న పెంకుటిల్లు అది. గడప ముందు అప్పటికే ఆరుగురున్నారు. ఒకరి చేతిలో మూతగిన్నె, ఒకరి చేతిలో స్టీలు దబరా, ఒక లావుపాటి మనిషి చేతిలో చిన్న నేతిగిన్నె. ఖాళీగా ఇవ్వకూడదని అందరూ ఇంట్లో ఉన్నదేదో వేసుకొచ్చారు. ఒకరినొకరు ఎరగరు. తన దుఃఖం తనొక్కడిదేననుకుని వచ్చిన ప్రతివాడూ పక్కవాడి చేతిలోని గిన్నె మీద అదే పేరు చూసి తల దించుకుంటున్నాడు. తలుపు తట్టడానికి ఎవరికీ చెయ్యి రావడం లేదు.

తరళ తట్టింది.

నడుం వంగిన సన్నటి ముసలావిడ తలుపు తీసింది. ఇంతమందిని చూసి ఆమె ముఖం పాలిపోయింది. "ఎవరు పోయారమ్మా?" అంది.

"ఎవరూ పోలేదండి. మీ గిన్నె ఇచ్చి పోదామని వచ్చాను."

లలితాంగి గిన్నె అందుకుని, చుక్కల పేరును బొటనవేలితో తడిమింది. చాలాసేపు తరళ ముఖంలోకి చూసింది. "ఎవరింట్లో ఇచ్చానో గుర్తు లేదు తల్లీ. ఏమీ అనుకోకు. చాలా ఇళ్ళకి వెళ్ళాను. చావింట్లో ఇచ్చిన గిన్నె మనం అడక్కూడదు కదా, అలా ఉండిపోయాయి."

ఆమె వెనక వంటింటి అలమర కనిపిస్తోంది. ఖాళీ. పొయ్యి పక్కన కుండ మూత బోర్లించి ఉంది, అన్నం దాంట్లోనే తింటున్నట్టుంది.

తరళ ఆ మూతను చూసింది. తొమ్మిదేళ్ళుగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. "ఆ రోజు మీరు ముద్ద పెట్టకపోతే నేను ఏమైపోయేదాన్నో నాకు తెలియదు," అని మాత్రం అనగలిగింది. తర్వాత అందరి ముందూ ఏడ్చేసింది.

లలితాంగి ఆమెను ఊరుకోబెట్టలేదు. గిన్నెలోంచి ఇంత పులిహోర తీసి నోట్లో వేసుకుంది. "ఉప్పెక్కువైంది," అంది. "లోపలికి రండి, అందరూ. కూర్చోండి."

గంట కాదు, రెండు గంటలు కూర్చున్నారు. ఎవరి ఇంట్లో ఎవరు పోయారో ఒక్కొక్కరే చెప్పుకున్నారు. లావుపాటి మనిషి కూతురి పేరు చెప్పి మళ్ళీ చెప్పలేకపోయాడు. లేచేముందు లలితాంగి తరళ పులిహోరను దబరాలోకి, దబరాలోని పాయసాన్ని నేతిగిన్నెలోకి, ఎవరు తెచ్చింది వాళ్ళకు కాకుండా సర్ది, తన గిన్నెలన్నీ మళ్ళీ వాళ్ళ చేతుల్లోనే పెట్టింది. "ఖాళీ చేసి తెచ్చివ్వండి," అంది. "రేపైనా, ఎల్లుండైనా."

సూరమ్మ ఆ రాత్రికి తరళ ఇంట్లోనే పడుకుంది. తెల్లవారుజామున అలవాటైన గుర్రుమనే చప్పుడుతో ఇల్లు కదిలింది. వెలుగు వచ్చాక తరళ కిటికీ తెరిస్తే, ఎదురింటి దండెం మీద లలితాంగి తడి తువ్వాలు ఆరేస్తోంది. ఇటుపక్క దబరా మనిషి ఇల్లు, అటుపక్క నేతిగిన్నె మనిషి ఇల్లు.

"మరి మీ ఊళ్ళో ఏం చెబుతారు పెద్దమ్మా?" అని అడిగింది తరళ, ద్వారం దాకా నడిచి వచ్చి ఆమెను సాగనంపుతూ.

"దూరపు కొండలు నునుపంటారు. మేం ఉండేదే కొండల్లో కాబట్టి మాకు మీ పట్నం నునుపు," అంది సూరమ్మ. "పురిటి ఇంటిని కదపమంటాను. మిగతా ఇళ్ళ సంగతి, మీ గిన్నెలు ఏం చేస్తాయో చూసి కబురు చెయ్యి."

ఆ మర్నాడు తరళకు చప్పుడు లేకపోవడం వల్ల మెలకువ వచ్చింది. తెల్లగా తెల్లవారిపోయింది. ఇల్లు జరగలేదు. ఏడు ఇళ్ళకు ఏడు గిన్నెల పనుంది, ఎవరూ తిరిగివ్వలేదు, పని తీరేదాకా ఇళ్ళు ఆ పక్కనే ఉండాలి. పట్నంలో అలాంటి వీధులు ఆ ఉదయానికి ఇంకెన్నో ఉన్నాయి. వాటిని ఎటు జరపాలో కూర్పరికి పాలుపోక ఉన్నచోటే వదిలేసింది. అతిథి ద్వారం నిన్నటిలాగే ఆరు వేల అడుగుల దూరం, ఆమె పనికి ఆలస్యంగా వెళ్ళబోతోంది, పుట్టాక మొదటిసారి.

కిటికీ తెరిచింది. దండెం మీద నిన్నటి తువ్వాలే ఉంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. అంచు పట్టుకుని చూసింది.

ఆరిపోయింది. పొరుగింటి బట్టలు తడిగా ఉండగా చూసి, ఆరాక మళ్ళీ చూడటం ఆమెకు ముప్ఫై రెండేళ్ళలో అదే మొదలు. తువ్వాలు మడతపెట్టి, ఎదురింటి తలుపు తట్టడానికి బయల్దేరింది. గిన్నె మాత్రం ఇంట్లోనే ఉంచింది.