అమ్మేవారి పేరుతో వెతికితే

ఏజెంట్ నరసింగరావును ఉదయం ఆరూ పదికి ఆమదాలవలస స్టేషన్‌లో రెండో ప్లాట్‌ఫారం మీద కాల్చి చంపారు. 2019 నవంబరు. జేబులో విజయనగరం టికెట్టు, ఒక ఫోను ఉన్నాయి.

ఒంటిగంటకు ఆ ఫోను ఏజెంట్ పృథ్వీరాజ్‌కు చేరింది. మూడు నెలలుగా అతను ఆ ఊళ్ళో ఐసు లోడ్ల గుమస్తా వేషంలో ఉన్నాడు. నరసింగరావుతో ఏడాది పనిచేశాడు. అతని ముఖం చూడలేదు. ఒకరి నోట్సు ఒకరు చదువుకునేవారు, అంతే.

హెడ్‌క్వార్టర్స్ నుంచి చీఫ్ ధనరాజు లైన్లోకి వచ్చాడు.

"మన ఆఫీసులో పనిచేసే రేఖ డబుల్ ఏజెంట్. రాడార్ డ్రాయింగులు ఆమె దగ్గరున్నాయి. మూడింటికి దాలయ్య అనే అతని పడవ ఎక్కుతుంది. బయట సముద్రంలో విదేశీ ఓడ ఉంది."

"ఏ రేవు?"

"తెలీదు. తీరంలో పడవలన్నీ నరసింగరావు రాసిపెట్టాడు. వెతుకు."

నోట్స్ యాప్‌లో పడవకొక నోటు, మనిషికొక నోటు. పడవలు నాలుగు వందల పన్నెండు. నోటు పైన ఫీల్డులు, అంటే వివరాలు నింపే గడులు. ఫీల్డులో పేరు రాస్తే అది ఆ మనిషి నోటుకు లింకు. పృథ్వీరాజ్ వెతకడానికి క్వెరీ రాశాడు: యజమాని, దాలయ్య. ఫలితాలు సున్నా. పడవల నోట్లలో యజమాని అనే ఫీల్డే లేదు.

స్టేషన్ బయట చేపల గంపతో కూర్చునే తాతమ్మ అనే ఆమెను అడిగాడు.

"దాలయ్య పడవ ఏ రేవులో ఉంటుందమ్మా?"

"ఏ దాలయ్య బాబూ? పడవెవులిదో సెప్పు."

"దాలయ్యదే."

"మొగోడికి పడవేటి? ఆడు ఏటకెల్తాడు. సేపలమ్మేది పెళ్ళాం. మా కాడ పడవకి దాని పేరే. ఇన్నాళ్ళూ ఐసు మోసి ఏటి నేర్సుకున్నావు?"

నరసింగరావు కూడా మత్స్యకారుల ఇంట పుట్టినవాడే. పడవ నోటులో ఫీల్డు పేరు 'అమ్మేవారు'. అది చేపలమ్మే ఆమె నోటుకు లింకు. ఆమె నోటులో 'భర్త' అనే ఫీల్డు.

పృథ్వీరాజ్ మళ్ళీ రాశాడు: అమ్మేవారి భర్త, దాలయ్య. ఒకే ఫలితం. అమ్మేవారు: బుల్లమ్మ. రేవు కళింగపట్నానికి దక్షిణాన.

ఐసు వ్యాను రేవు చేరేసరికి మూడూ ఐదు. పడవ మొదటి అల దాటింది. అందులో పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో రేఖ. పిస్టల్‌కు అందే దూరం కాదు. పృథ్వీరాజ్ ఇసుకలో చేపలు ఆరబెడుతున్న ఆమె దగ్గరికి పరుగెత్తాడు.

"బుల్లమ్మవి నువ్వేనా? నీ పడవలో ఎవరు?"

ఆమె లేచి చూసింది. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి కేకేసింది.

"ఏటయ్యా, నా పడవలో నాకు సెప్పకుండా ఎవుల్నెక్కించినావు? తిప్పు."

దాలయ్య తిప్పబోయాడు. రేఖ పిస్టల్ తీసింది. రెండో అల అడ్డం తిరిగిన పడవను కొట్టింది. పిస్టల్ నీళ్ళలో పడింది.

దాలయ్య పడవను ఒడ్డుకు చేర్చాక, డ్రాయింగులతో పట్టుబడ్డ రేఖ అడిగింది: "రేవు ఎవరు చెప్పారు?"

"నరసింగరావు."

"పొద్దుటే పోయాడుగా."

"రాసిపెట్టి పోయాడు."

సాయంత్రం పృథ్వీరాజ్ నరసింగరావు సొంత నోటు తెరిచాడు. 'పోతే కబురు ఎవరికి' అన్న ఫీల్డులో ఒకే లింకు ఉంది: పృథ్వీరాజ్.

తన నోటు తెరిచాడు. అదే ఫీల్డు ఖాళీ. అందులో తాతమ్మ అని టైప్ చేశాడు. ఆ పేరుతో నోటు లేదని, కొత్తది తెరవాలా అని యాప్ అడిగింది. అవునన్నాడు.

బంధుత్వం అన్నచోట 'తిడుతుంది' అని రాసి సేవ్ చేశాడు.