దుప్పటికి అటూ ఇటూ

పన్నెండు గంటల పది నిమిషాలకు నజ్మా ఫోను టింగుమంది. అప్పటికి పాపకి జ్వరం నూట ఒకటి ఉంది, పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, మొగుడి మీద కోపం కూడా.

ఆ కోపానికి కారణం లేకపోలేదు. తొమ్మిది నెలల సనాకి ఆ పొద్దున టీకా వేయించాలి. "తొమ్మిదింటికల్లా బండితో గుమ్మంలో ఉంటాగా" అని మాటిచ్చిన నాగుల్ మీరా, రెడ్డిగూడెంలో మామిడికాయల లోడు ఉందని తెల్లారకుండానే ట్రాలీ ఆటో వేసుకుని వెళ్లిపోయాడు. నజ్మా ఒక్కతే పిల్లని చంకనేసుకుని, షేర్ ఆటోలో ఇరుక్కుని, తిరువూరు ఆసుపత్రిలో గంటన్నర నిలబడి టీకా వేయించుకొచ్చింది. ఇంటికి రాగానే ఫోన్ చేసి కడిగి పారేసింది.

"పాప మీది కాదా? నేనొక్కదాన్నే కన్నానా?"

"లోడు మధ్యలో వదిలేసి ఎట్టా రానే?"

"రావద్దులెండి. మీతో నా వల్ల కాదు. ఇక నాతో మాట్లాడొద్దు!"

ఠక్కున పెట్టేసింది. అరగంటకి ఈ టింగు. బతిమాలుతున్నాడన్నమాట, బతిమాలనీ అనుకుంటూ, పెదవి చివర వచ్చిన నవ్వుని నొక్కిపెట్టి ఆ వాయిస్ మెసేజ్ నొక్కి వింది. తొమ్మిది సెకన్లు.

"నజ్మా... ఇక నా వల్ల కాదే..."

వెనకాల ఒకటే గోల. లారీ హారను. ఆ గోలలోంచి గొంతు చించుకుని అరుస్తున్నాడు నాగుల్ మీరా.

"తలాక్...! తలాక్...! తలాక్..."

అంతే. ఆగిపోయింది.

నజ్మా మళ్లీ వింది. మళ్లీ అదే. మూడోసారి నొక్కేటప్పుడు తన చెయ్యి తనది కానట్టు కనిపించింది. ఏడుపు రాలేదు. విచిత్రంగా ఒక్కటే ఆలోచన వచ్చింది. రాత్రికి పాపకి జ్వరం మందు పొయ్యాలంటే ఒకరు బుగ్గలు పట్టుకోవాలి, ఒకరు పొయ్యాలి. ఇక బుగ్గలెవరు పట్టుకుంటారు?

పప్పు మాడి ఇల్లంతా పొగయ్యింది. అత్త సైదాబీ మోకాళ్లు పట్టుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"ఏంటే ఈ కమురు కంపు? దెయ్యం పట్టినదానిలా నిలబడ్డావేంటి?"

నజ్మా మాట్లాడకుండా ఫోన్ చేతికిచ్చింది. కొడుకు గొంతు విన్న సైదాబీ ఉన్నచోటే కూలబడింది. ఆ ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారు గానీ ఆ ఒక్క ముక్క ఏంటో తెలియని వాళ్లెవరూ లేరు.

"వీడి నోరు పడిపోను! ఫోన్ కలుపు. నా చేతికియ్యి."

స్విచ్ఛాఫ్. మళ్లీ చేశారు. స్విచ్ఛాఫ్. పదిసార్లు చేశారు.

పొగ చూసి పక్కింటి జ్ఞానమణి టేపు మెడలో వేసుకునే పరిగెత్తుకొచ్చింది. జాకెట్లు కుడుతుంది కానీ టీవీ వార్తలు ఒక్కటి వదలదు. సంగతి విని గుండెల మీద చెయ్యేసుకుంది.

"అయ్యో తండ్రీ! అయినా ఇది చెల్లదమ్మాయ్. చట్టం వచ్చిందిగా. అట్టా మూడుసార్లు అంటే మూడేళ్లు జైలు."

"జైలా? నా కొడుకా?" సైదాబీ రెండోసారి అదిరిపడింది.

"మా చర్చిలో అయితే పదిసార్లన్నా పాస్టరు గారు ఒప్పుకోరు. పోయి కాపరం చేసుకోమంటారు."

"చట్టం సంగతి సరే జ్ఞానమణీ. అల్లా దగ్గర సంగతేంటి?"

ఆ ప్రశ్నకి జవాబు జ్ఞానమణి చూసే టీవీలో ఎవరూ చెప్పలేదు.

సైదాబీ కళ్లు తుడుచుకుని లేచింది. కోడలి భుజం పట్టుకుంది. "ఒసే, నువ్వీ ఇంట్లోంచి కదలబాకు. పోతే వాడే పోతాడు. సాయంత్రం మసీదు నుంచి హజ్రత్ గారిని పిలిపిస్తా. ఆయన ఏ సంగతో చెప్పేదాకా వాడు నీకు పరాయి మగాడు. నీ మొహం వాడు చూడకూడదు, వాడి మొహం నువ్వు చూడకూడదు."

అని ఊరుకోలేదు. తన పూల దుప్పటి తెచ్చి వసారా మధ్యలో తాడు కట్టి పరదాలా వేలాడదీసింది.

నాలుగయ్యేసరికి ఆకాశం నల్లబడి, వేసవి వాన దబదబా మొదలైంది. సరిగ్గా అప్పుడే ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. తల మీద తువ్వాలేసుకుని, చేతిలో రెండు డజన్ల రసాలు పట్టుకుని, ఈల వేసుకుంటూ దిగాడు నాగుల్ మీరా.

గుమ్మంలో చీపురుతో తల్లి.

"ఆగరా అక్కడ!"

"వానమ్మా! తడిసిపోతున్నా!"

"తడువు. ఇది పరాయి ఆడపిల్ల ఉన్న ఇల్లు."

నాగుల్ మీరా తల్లి వంక చూశాడు, చీపురు వంక చూశాడు, లోపలి దుప్పటి వంక చూశాడు. చూరు నీళ్లన్నీ వాడి నెత్తినే పడుతున్నాయి. జ్ఞానమణికి జాలేసి, "వసారా దాకా రానియ్యి వదినా, దుప్పటికి ఇవతలే కదా" అంది. సైదాబీ చీపురు పక్కకి జరిపింది.

దుప్పటి కింద జానెడు సందు. అందులోంచి రెండు పాదాలు కనిపించాయి. గోరింటాకు సగం మాసిన వేళ్లు, ఎడమ మడమ దగ్గర చిన్న పగులు. మూడేళ్లుగా ఇంట్లో తిరుగుతున్న పాదాలే. ఇంత తేరిపార ఎప్పుడూ చూడలేదని వాడికి ఆ క్షణాన తెలిసింది.

"నజ్మా, ఏంటిది? అమ్మకేమైంది?"

"మీరు నాతో మాట్లాడకూడదంట."

"ఎవరన్నారు?"

"మీరే అన్నారు. మూడుసార్లు."

"నేనా? ఏమన్నాను?"

పాదాలు వెనక్కి జరిగాయి. దుప్పటి కింద నుంచి ఫోను నేల మీద జారుకుంటూ ఇవతలికి వచ్చింది. దాని వెనకాలే పాక్కుంటూ సనా కూడా వచ్చి తండ్రి తడి ప్యాంటు పట్టుకుంది. సైదాబీ చూసి, "దానికి పరదా లేదులే" అంది.

నాగుల్ మీరా మెసేజ్ నొక్కి విన్నాడు. వాడి మొహంలో రక్తం దిగిపోయింది. పిల్లని ఎత్తుకుని గోడకి ఆనుకున్నాడు.

"అమ్మో! అమ్మో! ఇది... ఇది అది కాదే! మజ్జిగే!"

"మజ్జిగేంట్రా?"

"సారీ చెబుదామని బటన్ నొక్కానమ్మా. నువ్వు మాట్లాడకపోతే ఇక నా వల్ల కాదే అందామని. ఇంతలో మామిడి తోట ఓనరు మజ్జిగ ప్యాకెట్లు పంపించాడు. లోడెత్తే జట్టు వాళ్లు మీద పడిపోయారు, ఒక్కొక్కడూ రెండేసి లాక్కుంటున్నాడు. చెయ్యి బటన్ మీదే ఉంది, నేను అరుస్తున్నా, ‘తలాకటి! తలాకటి! ఒరే తలాకటి రా!’ అని. ఎవడో గుద్దుకుని చెయ్యి జారింది, ఆ వెంటనే బ్యాటరీ అయిపోయింది. మెసేజ్ వెళ్లిందని కూడా నాకు తెలీదు!"

సైదాబీ ఒక్క గెంతులో వచ్చి వాడి నోరు మూసింది. మోకాళ్ల నొప్పులు ఎటుపోయాయో. "మళ్లీ అనబాకు రా! ఆ మాట ఈ ఇంట్లో అనబాకు! మనిషికొకటి అను! మనిషికొకటి!"

"మనిషికొకటి," అన్నాడు వాడు అరచేతి కింద నుంచి.

జ్ఞానమణి ఫోను చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి వింది. "అదిగో టి! చివర్లో ‘టి’ ఉంది వదినా! హారను మింగేసింది. ‘ప్యాకెట్టు’ అని ఎవడో అంటున్నాడు కూడా!"

ఒక్కసారి నవ్వులు. సైదాబీ నవ్వుతూ ఏడ్చింది. నాగుల్ మీరా పొట్ట పట్టుకున్నాడు. చేయి చాచి దుప్పటి లాగబోయాడు.

"ముట్టుకోబాకండి."

దుప్పటి అవతల ఎవరూ నవ్వడం లేదని అందరికీ అప్పుడు తెలిసింది.

సాయంకాలపు అసర్ నమాజు అయ్యాక గొడుగు ముడుచుకుంటూ హజ్రత్ గారు వచ్చారు. తెల్లగడ్డం, మందపాటి అద్దాలు, నెమ్మది మనిషి. అంతా విన్నారు. మెసేజ్ రెండుసార్లు విన్నారు. గడ్డం వెనకాల నవ్వు దాచుకోవడానికి కాస్త టైం పట్టింది.

"వీడు మజ్జిగ పంచాడమ్మా, భార్యని వదల్లేదు. ఆ మాటే అననప్పుడు తీర్పు దేనికి? దుప్పటి తీసెయ్యండి."

"నిజంగానే అనుంటే, హజ్రత్?" నజ్మా గొంతు.

ఆయన గొడుగు గోడకి ఆనించారు. "ఒక్క ఊపులో మూడూ అంటే చెల్లదని ఇప్పుడు చట్టం ఉంది బేటీ. మా పెద్దల్లో కొందరు దాన్ని ఒకటిగానే లెక్కపెడతారు, కొందరు మూడూ పడ్డాయంటారు. ఈ గొడవ వల్లే ఇప్పుడు నిఖా రోజునే పిల్లగాళ్లకి చెబుతున్నాం. కోపంలో ఆ మాట ఎత్తొద్దు, రెండు వైపుల పెద్దల్నీ కూర్చోబెట్టుకోవాలి, నెలల తరబడి ఆగాలి అని."

"నాలుగు గంటలు హజ్రత్. నాలుగు గంటలు నేనెవర్నో నాకు తెలీలేదు. పాపకి మందు మూత తీసి, ఈ ఇంట్లో ఈ మందు పొయ్యడానికి నేనెవర్ని అని నిలబడిపోయాను. మజ్జిగో, నిజమో, ఆ మాట ఆయన నోట్లో ఉంది. నా దగ్గరేముంది?"

హజ్రత్ గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఉంది బేటీ. తఫ్వీజ్ అంటారు. విడిపోయే హక్కుని భర్త తన చేత్తో భార్యకి రాసివ్వొచ్చు. ఫలానాది జరిగితే నువ్వే విడిపోవచ్చు అని. నిఖా రోజున రాయొచ్చు, తర్వాతా రాయొచ్చు."

"ఇదెప్పుడొచ్చింది? కొత్త చట్టమా?" సైదాబీ నోరు తెరిచింది.

"కాదమ్మా. వందల ఏళ్లుగా మా పుస్తకాల్లోనే ఉంది. అడిగిన ఆడపిల్ల లేదు, చెప్పిన మేమూ లేము. ఈమధ్యే ఒకటి రెండు నిఖానామా కాగితాల్లో చూస్తున్నాను."

"ఈ ముక్క నలభై ఏళ్ల కిందట ఎవరైనా నా చెవిన వేసుంటేనా..." అని సైదాబీ ఆగి, పోయిన మొగుడి ఫొటో వంక చూసింది. "ఒక ఆట ఆడించేదాన్ని."

జ్ఞానమణి నవ్వు ఆపుకోలేక పైట నోట్లో కుక్కుకుంది. నాగుల్ మీరా మాత్రం నవ్వలేదు. ఇందాక మెసేజ్ విన్నప్పటికంటే వాడి మొహం ఇప్పుడు ఇంకా పాలిపోయింది.

"అంటే... నజ్మా, నువ్వు నన్ను వదిలేస్తావా?"

"ఎట్టా ఉంది?" అంది నజ్మా. "వినడానికి ఎట్టా ఉంది?"

వాడు పిల్లని సైదాబీ ఒళ్లో కూర్చోబెట్టి, హజ్రత్ గారి జేబులో పెన్ను అడిగి తీసుకున్నాడు. జ్ఞానమణి తన కొలతల పుస్తకంలోంచి కాగితం చింపిచ్చింది.

"చెప్పు. ఏం రాయాలి?"

"ఫోన్లో గానీ కోపంలో గానీ మీరా మాట అంటే. నన్నూ పాపనీ చూడకుండా గాలికొదిలేస్తే. ఇంకో నిఖా చేసుకుంటే."

"ఇంకో నిఖానా? ఉన్న ఒక్కదాంతోనే..."

"రాయరా!" అంది సైదాబీ.

రాశాడు. ఏడో తరగతి చేతిరాత, వరసలు కొండెక్కుతున్నాయి. ‘తఫ్వీజ్’ దగ్గర రెండుసార్లు కొట్టేశాడు. హజ్రత్ గారు ఒక్కో ముక్కా సరిచూసి, సోమవారం ఖాజీ గారి దగ్గరికి తీసుకెళ్లి పద్ధతిగా రిజిస్టర్లో ఎక్కిద్దామన్నారు. ఆయన ఒక సాక్షి సంతకం పెట్టారు. సైదాబీకి సంతకం రాదు. కొడుకు వీపు మీద వేస్తున్నట్టు గట్టిగా వేలిముద్ర వేసింది. తర్వాత హజ్రత్ గారు గొడుగు విప్పారు, జ్ఞానమణి మిషను గుర్తొచ్చి వెళ్లింది, సైదాబీ పిల్లకి గుడ్డ తడిపి వెయ్యడానికి లోపలికి పోయింది.

వసారాలో ఇద్దరే మిగిలారు. అటొకరు, ఇటొకరు.

కాగితం దుప్పటి కింద నుంచి అవతలికి పోయింది. నజ్మా కూడబలుక్కుంటూ చదవడం వినిపిస్తోంది. నాగుల్ మీరా తడి చొక్కాతో వణుకుతూ నిలబడ్డాడు. వణుకు చొక్కా వల్ల అయితే బాగుండు.

"నజ్మా."

"ఊఁ."

"మూడేళ్లు... నువ్వెక్కడికి పోతావులే అనుకున్నా. అది నిజం. అందుకే పొద్దున రాలేదు కూడా. ఎట్టాగూ నువ్వే చూసుకుంటావని." గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు నువ్వు పోగలవు."

"పోగలను."

"పోగలిగి కూడా... నాతో ఉంటావా?" ఆ మాట చాలలేదు వాడికి. నాలుక తడబడి, మూడేళ్ల కాపరంలో ఎన్నడూ పెళ్లాంతో అనని మాట జారింది. "ఉంటారా అండీ?"

నజ్మా చేతిలో కాగితం కదలడం ఆగిపోయింది. నిఖా రోజున ఖాజీ గారు అడిగారు, ఇష్టమేనా అని. పెద్దల తరఫున వచ్చిన మామయ్య అడిగాడు. అప్పుడూ ఒక తెర అడ్డంగా ఉంది, తల ఊపింది. కానీ ఈయన అడగలేదు. అడగాలని ఈయనకీ తెలీదు, అడగలేదని తనకీ ఇంతదాకా తోచలేదు. ఆ రోజంతా రాని కన్నీళ్లు ఇప్పుడు, ఇంత చిన్న ‘అండీ’కి, బొటబొటా రాలిపోయాయి.

దుప్పటి పక్క నుంచి ఒక పొడి తువ్వాలు బయటికి వచ్చింది. దాన్ని పట్టుకున్న చెయ్యి కూడా. నాగుల్ మీరా తువ్వాలు తీసుకోలేదు, చెయ్యి పట్టుకున్నాడు. అది వెనక్కి పోలేదు.

"తల తుడుచుకోండి ముందు. జలుబు చేస్తది."

"జవాబు?"

"మళ్లీ అడగండి. వానలో సరిగ్గా వినపళ్లేదు."

అడిగాడు. ఈసారి ఇంకాస్త దగ్గరగా, దుప్పటి మీది పూలకి పెదాలు తగిలేంత దగ్గరగా.

లోపల్నుంచి సైదాబీ కేకేసింది. "ఒసే నజ్మా! హజ్రత్ గారు చెప్పారుగా, ఇంక ఆ దుప్పటి తీసెయ్యండే! నాకు చలేస్తోంది!"

"ఇంకాసేపు ఉండనియ్యండి అత్తయ్యా," అంది నజ్మా, ఆ రోజుకి మొదటిసారి నవ్వుతూ. "ఆయనింకా అడుగుతున్నారు."