నది దాటని జెండావాడు

కళ్ళజోళ్ళ షాపు అమ్మాయికి ఆ అనౌన్సరు మీద మొదటిసారి కోపం వచ్చింది ఒక సోమవారం పొద్దున. బస్టాండు మైకు "నాలుగో ప్లాట్‌ఫారం" అంది. ఆమె వెళ్ళి నాలుగో ప్లాట్‌ఫారం మీద నిలబడింది. బస్సు ఏడో దాని మీద నుంచి దర్జాగా వెళ్ళిపోయింది.

ఆమె తిన్నగా అనౌన్సరు గదికి వెళ్ళి అద్దం మీద టకటకా కొట్టింది. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న సన్నపాటి మనిషి కిటికీ తెరిచాడు.

"నాలుగని చెప్పింది మీరేనా?"

"నేనేనండి. నేను చెప్పేటప్పటికి అది నాలుగే. డ్రైవరు తీసుకెళ్ళి ఏడులో పెట్టాడు."

"అంటే బస్సు మీ మాట వినలేదంటారు."

"ఇక్కడ నా మాట ఎవరూ వినరండి. మీరొక్కరే విన్నారు. థాంక్సండి."

ఆ థాంక్సు తలచుకుని తలచుకుని మండిపోతూ ఆమె ఆ రోజు షాపులో రెండు లెన్సులు ఎక్కువ అరగదీసి పాడుచేసింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ముందు గదిలోంచి అదే గొంతు వినబడింది. "వానకు తోలు కవచాలు నాని బరువెక్కాయి. అయినా వరస చెదరలేదు..."

పడక్కుర్చీలో నాన్న. పక్కన స్టూలు మీద అనౌన్సరు, ఒళ్ళో ఇటుకంత పుస్తకం.

"రా అమ్మడూ. బస్టాండులో కూర్చుంటే ఈ అబ్బాయి గొంతు వినబడింది. ఊళ్ళ పేర్లు వరసగా చదువుతుంటే సైన్యం కదిలినట్టుంది. వెళ్ళి అడిగాను. రోజూ అయిదింటికొచ్చి ఒక గంట చదివి పెడతానన్నాడు" అన్నాడు నాన్న.

నాన్న ముప్ఫై రెండేళ్ళు బడిలో డ్రిల్లు మాస్టారు. రిటైరైనా మెడలో విజిల్ తీయలేదు. ఆయనకు లోకంలో ఒక్క రకం పుస్తకమే పుస్తకం: పాతకాలం రోమన్ల యుద్ధాల నవలలు. డాళ్ళు నెత్తిన పేర్చుకుని తాబేలు వ్యూహంలో ఎలా నడవాలో ఆరో తరగతి పిల్లలకు అట్టముక్కలతో నేర్పించి, హెడ్మాస్టరు చేత చీవాట్లు తిన్న మనిషి. రెండేళ్ళుగా ఆయన కంటి నరాలు ఎండిపోతున్నాయి. ఎడమ కన్ను పోయింది. కుడి కంటికి మసగ్గా మనుషుల ఆకారాలు కనబడతాయి. ఊరందరికీ కళ్ళద్దాలు చేసే కూతురు ఆయనకు పనికొచ్చే అద్దం ఒక్కటి చెయ్యలేకపోయింది. ఆమె కోపానికి అసలు వేరు అక్కడుంది. కొమ్మలు మాత్రం దొరికిన వాళ్ళందరి మీదికీ పాకేవి.

"రోజూ మనుషులు నరుక్కోవడం వినకపోతే మీకు పొద్దుపోదా నాన్నా?" అంది ఒకరోజు కాఫీ గ్లాసు ఠకీమని పెడుతూ.

"మేడం గారిని ముందు వరసలో నిలబెడితే శత్రువులు రావడానికే జంకుతారు మాస్టారూ" అన్నాడు అనౌన్సరు.

"నిలబెడితే ముందు మిమ్మల్నే పొడుస్తాను."

"నేను మీ వైపేనండి."

"అందుకే. అందుబాటులో ఉంటారు."

నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది కానీ తలుపు వెయ్యలేదు. ఆ వారం నుంచి షాపులో అయిదున్నర వరకూ ఉండే మనిషి అయిదింటికల్లా ఇంట్లో ఉండడం మొదలుపెట్టింది. ఎందుకని ఎవరైనా అడిగితే మాత్రం వాళ్ళ పని అయిపోయేది.

నవలలో నాన్నకు ప్రాణం ఒక ముసలి సైనికుడు. కర్ర చివర ఇత్తడి గద్దను నిలబెట్టుకుని పటాలం ముందు నడిచే జెండావాడు. మోకాళ్ళు పట్టేసినా నోరు తగ్గని మనిషి. నాన్న వాణ్ణి "మన ముసలాడు" అనేవాడు, ఎదురింటాయన గురించి చెప్పినట్టు.

ఒక ఆదివారం అనౌన్సరుకు డబుల్ డ్యూటీ పడింది.

"నువ్వు చదువు అమ్మడూ. మన ముసలాడు కొత్త కుర్రాళ్ళకి డ్రిల్లు నేర్పుతున్నాడు. మంచి పట్టులో ఆగింది" అన్నాడు నాన్న.

ఆమె గుర్తుపెట్టిన పేజీ తెరిచింది. అక్కడ డ్రిల్లు లేదు, ముసలాడూ లేడు. నాలుగు పేజీలు వెనక్కి తిప్పింది. లేడు. ఇంకా ఇంకా తిప్పితే, దగ్గర దగ్గర వంద పేజీల వెనక దొరికాడు. నడుం లోతు నదిలో, గొంతులో ఈటె దిగి, చేతిలోని గద్దను వెనకవాడికి అందిస్తూ చచ్చిపోయి ఉన్నాడు.

"ఏమైంది? చదువు."

"గొంతు బాగాలేదు నాన్నా."

"ఇందాక పాలవాడి మీద అరిచినప్పుడు బాగానే ఉందే."

ఆమె చెప్పులేసుకుంది. బయట సన్నగా జల్లు పడుతోంది. ప్రేమకథల్లో వాన అమ్మాయిల ముంగురుల మీద ముత్యాలు పేరుస్తుందంటారు. ఈ అమ్మాయి నడిచిన వేగానికి ఆ వాన ఆవిరైపోలేదంటే అదే గొప్ప.

అనౌన్సరు అప్పుడే ఏదో బస్సు సంగతి చెప్పి ముగించాడు. ఆమె గది తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది.

"ముసలాడు ఎప్పుడు చచ్చాడు?"

అతని మొహం పాలిపోయింది. "మూడు వారాలైందండి."

"మరి రోజూ మా ఇంట్లో డ్రిల్లు చేయిస్తున్నదెవరు?"

"నేనేనండి. బస్సుకీ బస్సుకీ మధ్య ఇక్కడ కూర్చుని రాసుకొస్తున్నాను."

"మా నాన్నకి పోయింది చూపు. బుర్ర కాదు. ఆయన మిమ్మల్ని పుస్తకం చదవమన్నారు, చందమామని చూపించి గోరుముద్దలు పెట్టమనలేదు. ఎవరు చావాలో ఎవరు బతకాలో తేల్చడానికి మీరెవరు?"

"ఆ రోజు ఆయన ఆసుపత్రి నుంచి వచ్చారండి. కుడి కన్ను కూడా నిలవదన్నారని చెప్పారు. చెప్పి, 'సర్లే, ఇవాళ మన ముసలాడు నది దాటాలిగా, చదువు' అన్నారు. పేజీ తీస్తే ఆ పేజీలోనే పోయాడు. నాకు నోరు రాలేదు. దాటించేశాను."

ఆ రోజు నాన్న తనతో చెప్పింది, "వచ్చే నెల మళ్ళీ రమ్మన్నారు, పరవాలేదట" అని.

"కుడి కన్ను సంగతి మీకు చెప్పారా?"

"మీకు... చెప్పలేదా?"

అప్పుడు చూసింది ఆమె అద్దంలోంచి. బస్టాండు బస్టాండంతా కదలకుండా నిలబడి స్పీకర్ల వైపు చూస్తోంది. సామాన్లు ఎక్కించేవాళ్ళు కూడా ఆగిపోయారు. మైకు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

ఆమె ఇంటికి చేరేలోపే, వెనక వీధిలో ఉండే కండక్టరు సైకిలెక్కి వెళ్ళి పరామర్శ కూడా చేసేశాడు. "మాస్టారూ, మీ సైనికుడెవరో మూడు వారాల కిందటే పోయాడటగా, అప్పట్నించీ అనౌన్సరే రాసుకొచ్చి చదువుతున్నాడటగా. మీ కుడి కన్ను సంగతీ విన్నాం. ధైర్యంగా ఉండండి" అని.

ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి విజిల్ మోగింది. వెనకే పరుగెత్తుకొచ్చిన అనౌన్సరు గుమ్మం బయటే బిగుసుకుపోయాడు.

"ఇద్దరూ వచ్చి నా ముందు నిలబడండి" అన్నాడు నాన్న. "ఏరా అబ్బాయ్, ముసలివాడు, గుడ్డివాడు, ఏం చదివితే అదే వింటాడులే అనుకున్నావా? మూడు వారాలు ఒక శవం చేత నా ముందు కవాతు చేయించావు. నేను కూర్చుని చప్పట్లు కొట్టాను. సిగ్గేస్తోంది నాకు."

"తప్పయిపోయింది మాస్టారూ."

"నువ్వు మాట్లాడకు. ఇదుగో, నా కూతురికి గొంతు బాగాలేదట."

"నా సంగతి సరే. మరి మీరు?" అంది ఆమె. "కన్ను పోతుందని దారిన పోయే వాళ్ళకి చెప్పుకున్నారు. నాతో పరవాలేదన్నారు. ఆయన ముసలాణ్ణి నది దాటించినట్టే మీరు నన్ను దాటించారు. నేను పొద్దస్తమానం చేసే పనే కళ్ళ పని నాన్నా. నాకు చెప్పరా?"

"నువ్వు తట్టుకోలేవని..."

"ఆయనా మీ గురించి అదే అనుకున్నాడు."

నాన్న నోట్లోంచి విజిల్ జారి గుండీల మీద పడింది.

"చదవండి. ముసలాడు పోయిన పేజీ" అన్నాడు చివరికి.

అనౌన్సరు చదివాడు. రోజూ వందల ఊళ్ళ పేర్లు తడుముకోకుండా చెప్పే గొంతు నది మధ్యకొచ్చేసరికి పూడుకుపోయింది. ఆమె పుస్తకం లాక్కుని మిగతాది చదివింది. ముసలాడు మునిగిపోయాడు. గద్ద మునగలేదు.

"ఇంత మంచి చావు నా దగ్గర దాచావు" అన్నాడు నాన్న కళ్ళు తుడుచుకుంటూ. "ఇంక రాకు."

అతను జేబులోంచి తను రాసిన కాగితాలు తీసి స్టూలు మీద పెట్టి, తలవంచుకుని వెళ్ళిపోయాడు.

తరవాత ఎనిమిది రోజులు ఆమే చదివింది. నాన్నను పెద్ద డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళి, ఎన్నాళ్ళు వెలుగుంటుందో, ఆ తరవాత ఏం చెయ్యాలో ఆయన పక్కనే కూర్చుని వింది. ఏడాది, మహా అయితే. దారిలో నాన్న ఆమె చెయ్యి వదల్లేదు. ఆ విషయంలో ఇద్దరికీ మనసు తేలికపడింది. చదువు విషయంలో మాత్రం ఇల్లు కుతకుతలాడుతూనే ఉంది.

"యుద్ధం చదువుతున్నావా, మందుల చీటీ చదువుతున్నావా?" అనేవాడు నాన్న.

"గొంతు నచ్చకపోతే చెవుల్లో దూది పెట్టుకోండి" అనేది ఆమె.

తొమ్మిదో రోజు నాన్న నెమ్మదిగా అడిగాడు. "ఆ రోజు స్టూలు మీద కాగితాలేవో వదిలేసి వెళ్ళాడు. పారేశావా?"

"లేదు."

"ఏముందందులో?"

"మీకింకా చదవని అబద్ధాలు. ఇంకేముంటాయి."

"తెలిసి వింటే అబద్ధమెందుకవుతుంది, కథవుతుంది. చదువు."

అందులో ముసలాడు కుర్రాళ్ళను వరసలో నిలబెట్టి, అచ్చం నాన్నలాగే "మడమలు కలపండిరా, మీ ఇంట్లో పెళ్ళా?" అని తిడుతున్నాడు. నాన్న గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు. తరవాతి కాగితంలో శిబిరంలోకి కుండలమ్మే అమ్మాయి ఒకతె వచ్చింది. కాపలావాడి మీద అరిచింది, వంటవాడి మీద అరిచింది, అడ్డం నిలబడిన కంచరగాడిద మీద కూడా అరిచింది. పటాలం లెక్క రాసే గుమాస్తా ఒకడు రోజూ పనిగట్టుకుని ఆమె గుడారం ముందు నుంచే వెళ్ళి, ఆమె చేత తిట్లు తిని, ఆ రోజుకు కడుపు నిండినట్టు వెనక్కి వచ్చేవాడు.

"ఈ గయ్యాళి ఎవరో నాకు బాగా తెలిసిన పిల్లలాగే ఉందే" అన్నాడు నాన్న.

ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టేసింది. చెవులు ఎర్రబడ్డాయి. అది కోపమేనని తనకు తాను గట్టిగా చెప్పుకుంది.

మర్నాడు పొద్దున అనౌన్సరు గది కిటికీ తెరుచుకునే ఉంది. ఆమె కాగితాలు గట్టు మీద పెట్టింది.

"గాడిద మీద అరిచింది నేనేనా?"

"కంచరగాడిదండి."

"గుమాస్తా మీరేనా?"

అతను తలూపాడు.

"ఆఖరి పేజీలో ఆవిడ ముందు నిలబడి ఏదో చెప్పబోయాడు. అక్కడ ఆగిపోయింది. కాగితం అయిపోయిందా?"

"కాగితం కాదండి. ధైర్యం అయిపోయింది."

"ఇప్పుడు చెప్పండి."

"మీరు కోపంగా ఉన్నారు."

"నాకు కోపం లేని రోజు కోసం చూస్తే మీరు ఇక్కడే ముసలివాళ్ళైపోతారు. చెప్పండి. బస్సు కదులుతోంది."

అతను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ తొమ్మిది రోజులూ నన్ను ఎవరూ తిట్టలేదండి. అందరూ మర్యాదగా ఉన్నారు. బతుకు చప్పగా ఉంది. ఇష్టమండి మీరంటే. మీరు ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటాను."

బస్సు వెళ్ళిపోయింది. ఆమె అటు తిరిగి కూడా చూడలేదు.

"సాయంత్రం అయిదింటికి రండి. ఇదే మాట మా నాన్న ముందు చెప్పండి. ఒక్క ముక్క మార్చినా ఊరుకోను."

అతను ఒక్క ముక్క మార్చలేదు. "బతుకు చప్పగా ఉంది" దగ్గర నాన్న మీసాలు కదిలాయి.

"అంతా నిజమేనా? ఎక్కడా కలపలేదు కదా?"

"లేదు మాస్టారూ."

"నువ్వేమంటావు అమ్మడూ?"

"నాకింకా కోపం తగ్గలేదు నాన్నా."

"నేనడిగింది అది కాదు."

ఆమె వంటింటి గుమ్మంలోంచి వచ్చి, స్టూలు పక్కన నేల మీద కూర్చుంది. "కోపం తగ్గేదాకా ఆగితే ఎవరికీ పెళ్ళిళ్ళు కావు. సరేనన్నానని చెప్పండి."

"నేనెందుకు చెప్పాలి? నీ ఎదురుగానే ఉన్నాడు. నువ్వే చెప్పు" అన్నాడు నాన్న.

ఆమె చెప్పింది. తిడుతున్నట్టే చెప్పింది.