బంతితోటలో హిందీ పోలీసు

తన బంతితోటలోకి పోలీసు జీపు దూసుకొచ్చిందని శశికుమార్ నేరుగా పోలీసుకే ఫిర్యాదు చేశాడు. అందులో అతని తప్పేమీ లేదు. గట్టు మీద ఖాకీ డ్రెస్సు, నల్ల కళ్ళద్దాలు, నడుముకు తుపాకీతో ఒక ఇన్‌స్పెక్టర్ నిలబడి టీ తాగుతుంటే ఎవరైనా అదే చేస్తారు.

"సార్, ఈడ చూడండి! నా తోట మీద జీపు తోలేసినారు. కేసు రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, నేను ఒరిజినల్ కాదన్నా. నాకు ధర్మపురిలో సెల్‌ఫోన్ అంగడి ఉంది. పోలీసు డ్రెస్సు షూటింగ్ అయ్యేదాకానే."

వెనక నుంచి పకపకా నవ్వు వినిపించింది. శశికుమార్ తిరిగి చూశాడు. చేతిలో వాకీటాకీ, తల మీద టోపీ, మోకాళ్ళ దాకా ఎర్రమట్టి కొట్టుకున్న జీన్స్‌తో ఒక అమ్మాయి. అందంగానే ఉంది. ఆ మాట ఒప్పుకునే మూడ్‌లో మాత్రం అతను లేడు.

"ఏమమ్మా, తోట నాశనమై నేనేడుస్తా ఉంటే నీకు నవ్వొస్తాందా?"

"సారీ అండీ, తోట చూసి కాదు, మీ కంప్లయింట్ చూసి నవ్వాను" అంది ఆమె నవ్వు మింగుతూ. "నా పేరు పూర్ణిమ. ఈ హిందీ సినిమాకి లోకల్ కోఆర్డినేటర్‌ని. పర్మిషన్ లేకుండా మేం రాలేదు. మీ అవ్వగారిని నేనే అడిగాను."

"మా అవ్వ ఒప్పుకునిందా? పువ్వు మీద కాకి వాలితేనే తరిమే మా పిల్లమ్మా?"

"రెండుసార్లు ఒప్పుకున్నారు. 'తోటలో చిన్న షూటింగ్ ఉంది, మీ పనేమైనా ఆగుతుందా అవ్వా' అన్నాను. 'ఆగదమ్మా, ఆగదు' అన్నారు."

శశికుమార్ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"అయ్యో తల్లీ! మా అవ్వ పుట్టిల్లు మాలూరు పక్క. నోట్లో సగం కన్నడమే. ఆమె ఆగదంటే కుదరదని! వద్దు, పొమ్మని!"

పూర్ణిమ ముఖంలో నవ్వు దీపం ఆర్పినట్టు పోయింది. అంతలో అవ్వ పిల్లమ్మే కొంగు బిగించి గట్టెక్కింది.

"తలకాయ గూడా ఊపినాను కదమ్మా!"

"ఊపారవ్వా. సరే అన్నారనుకున్నాను. మనవాళ్ళు సరే అన్నా అలాగే ఊపుతారు కదా."

పిల్లమ్మ ఒకసారి తల ఊపి చూసుకుంది. ఆమెకే అనుమానమొచ్చింది. మనవడి వైపు చూసింది.

ఆ తోట కథ చెప్పాలి. హోసూరు పక్క ఉద్దనపల్లి దాటి రాయకోట పోయే దారిలో ఆ ఏడు బోర్లన్నీ అడుగంటాయి. అందరూ బంతి వదిలేశారు. శశికుమార్ ఒక్కడే మొండికేసి, ట్యాంకరు నీళ్ళు బిందెలతో మొక్క మొక్కకూ పోసి బతికించాడు. ఆయుధపూజకు హోసూరులో ప్రతి ఫ్యాక్టరీ మిషన్లకూ దండలు కావాలి. ఆ పండుగకు పూలు కోస్తేనే ఆ ఇంటికి ఏడాది గడిచేది. పండుగ పది రోజుల్లోకి వచ్చింది. జీపు నడిమి చాళ్ళు రెండూ తొక్కేసింది.

"నా తప్పే" అంది పూర్ణిమ. "ఎలా సరిచేయాలో చెప్పండి."

"విరిగిన మొక్కకు సారీ చెప్తే లేస్తుందా?"

"లేవదు. వంగినవి పుల్ల కడితే లేస్తాయి కదా?"

మర్నాడు ఆమె నిజంగానే పుల్లలమోపుతో వచ్చింది. షూటింగ్ మధ్యలో అరగంట దొరికినా వచ్చేసేది. మొదటిరోజు శశికుమార్ ఆమెతో మాట్లాడలేదు. రెండోరోజు తిట్టడానికి మాట్లాడాడు.

"అట్ల గొంతు బిగించి కడతారా ఎవురైనా? అది మొక్కనా, దొంగనా?"

"పోలీసు సినిమా కదండీ, అలవాటైపోయింది."

నవ్వకూడదని గట్టిగా అనుకున్నాడు. నవ్వేశాడు.

ఆమె నాన్న సుబ్బరాయుడిది కడప పక్క. పూనాలో చాలా ఏళ్ళు పనిచేసి హోసూరు ఫ్యాక్టరీకి మారాడు. పూర్ణిమకు హిందీ పూనాలోనే అబ్బింది. డైరెక్టర్ కావాలని ఆమె కోరిక. ఈ సినిమా సరిగ్గా ముగిస్తే బొంబాయి తీసుకుపోయి అసిస్టెంటుగా పెట్టిస్తానని మేనేజరు రఘునాథ్ మాటిచ్చాడు.

"సినిమా కథేమి?" అని అడిగాడు శశికుమార్ ఒకరోజు.

"ఒక ఇన్‌స్పెక్టర్. తిక్క మనిషి, ఎవరి మాటా వినడు. రైతుల భూములు మింగే మంత్రిని, లంచాలు తినే ఆఫీసర్లనీ ఉతికి ఆరేస్తాడు."

"రైతు భూమి కాపాడేదానికి రైతు తోటలో జీపు తోలినాడా?"

ఈ సంగతి కథ రాసినవాళ్ళకు తట్టలేదు మరి!

ఆ సాయంత్రం రాయకోట కొండ మీద నుంచి వాన దిగింది. అవతల పొలంలో సినిమావాళ్ళు పైపులతో కురిపిస్తున్న దొంగవానను అసలు వాన తరిమేసింది. ఇద్దరూ పంపుసెట్టు గదిలోకి పరుగెత్తారు. తలుపు లేదు, సగం కప్పు లేదు. తడవని చోటు ఒక్క మనిషికే ఉంది.

"మీరు నిలబడండి, నాకు జలుబు చేయదు" అంది పూర్ణిమ, వెంటనే తుమ్మింది.

అతను ఆమెను చెయ్యి పట్టి లోపలికి లాగి, తాను వానలో నిలబడ్డాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే తోటను చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. "చూడు, నేను బిందెలతో పోసినదంతా దేవుడు ఒక్క గడియలో పోసేసినాడు." ఆమె తోటను చూడలేదు. అతన్నే చూసింది. మనసు పోయిందని ఆ క్షణాన ఆమెకు తెలిసిపోయింది. వాన తగ్గినా చెయ్యి వదలాలని ఇద్దరికీ గుర్తు రాలేదు.

పూలు కోతకొచ్చాయి. మర్నాడు కోత అనగా రఘునాథ్ పూర్ణిమను పక్కకు పిలిచాడు.

"జీపు షాట్ బాగా రాలేదు. రేపు పొద్దున్నే మళ్ళీ తీస్తున్నాం. ఈసారి తోట ఆ కొస నుంచి ఈ కొసకు."

"వాళ్ళు ఒప్పుకోరు సార్. మొదటిసారి కూడా ఒప్పుకోలేదు. తప్పు అర్థం చేసుకున్నది నేను."

"డైరెక్టర్‌కి ఆ గొడవ తెలీదు. తోట మొత్తానికీ పరిహారం ముట్టిందనే ఆయన అనుకుంటున్నాడు."

"ముట్టలేదే! ఏమైంది అది?"

రఘునాథ్ నవ్వాడు. ఆ నవ్వుకు వేరే అర్థం చెప్పక్కర్లేదు. అవినీతి మీద సినిమా తీస్తూ రైతు పరిహారం తినేయడానికి కూడా గుండెధైర్యం కావాలి.

"రేపు ఆయన అడిగితే సరే అంటున్నారని హిందీలో చెప్పు. రైతులకు హిందీ రాదు, ఆయనకు తెలుగు రాదు. మధ్యలో ఉన్నది నువ్వు. బొంబాయి కావాలా, బంతిపూలు కావాలా, తేల్చుకో."

తెల్లవారేసరికి జీపు తోట మొదట్లో ఉరుముతోంది. శశికుమార్ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన కొడవలితో పిల్లమ్మ.

"నన్ను తొక్కి పోండి" అన్నాడు అతను. "నేను బతికుండంగా ఇది లోపలికి పోదు."

డైరెక్టర్ ఎండను చూసి, గడియారం చూసి, హిందీలో అరిచాడు. "పూర్ణిమా, ఏమంటున్నాడతను? అన్నీ ముట్టాయి కదా, ఇప్పుడేం కావాలట?"

రఘునాథ్ ఆమె చెవి దగ్గర గొణిగాడు. "ఇంకా బాగా తీయమంటున్నాడని చెప్పు."

పూర్ణిమ శశికుమార్‌ను చూసింది. అతని కళ్ళలో భయం ఉంది. జీపంటే కాదు. ఆమె ఏం చెప్పబోతుందోనని. ఆమె ఏం చెప్పినా అతనికి అర్థం కాదు, నమ్మడం తప్ప దారి లేదు. అంతకుముందు ఒక మాట తప్పు వినే ఈ తోట తొక్కించింది. ఈసారి అలా కానివ్వదలచుకోలేదు.

ఆమె యూనిట్ అంతటికీ వినపడేలా హిందీలో మొదలుపెట్టింది. అవ్వ వద్దందని, తాను తప్పు విన్నానని, వీళ్ళ చేతికి ఒక్క రూపాయి రాలేదని, దాని సంగతి రఘునాథ్‌నే అడగాలని చెప్పింది. చివరకు చెయ్యి చాపి తోట చూపించింది. "రైతుల కోసం పోరాడే మన హీరో ఇవాళ ఈ రైతును తొక్కుతాడా సార్?"

శశికుమార్ ఆత్రంగా పక్కనున్న, కాస్తో కూస్తో హిందీ తెలిసిన సెల్‌ఫోన్ అంగడి పోలీసును అడిగాడు. "ఏమని చెప్పింది?"

"అన్నా, అంతా నీ పక్కే మాట్లాడింది" అన్నాడు ఆ పోలీసు కళ్ళద్దాలు తీసి. "ఇంక ఆమె ఉద్యోగం పోయినట్లే."

డైరెక్టర్ రఘునాథ్ వైపు ఉరిమి చూసి, జీపు వెనక్కి తీయమన్నాడు. హీరో తోట దగ్గర జీపాపి, దిగి, గట్టు మీద పరుగెత్తేట్టు షాట్ మార్చేశాడు. ఆ రోజే పరిహారం ఇప్పిస్తానని హిందీలోనే చెప్పి పిల్లమ్మకు దండం పెట్టి, ఎండ పోతుందని కెమెరా దగ్గరికి పరుగెత్తాడు. పూర్ణిమ సంగతి ఆయనకు గుర్తు రాలేదు. రఘునాథ్‌కు మాత్రం గుర్తుంది. వాకీటాకీ లాక్కుని, ఇక రానక్కర్లేదన్నాడు.

బస్టాపులో శశికుమార్ ఆమెను అందుకున్నాడు.

"నా కోసం నీ బొంబాయి పోగొట్టుకుంటివే!"

"బొంబాయి ఎక్కడికీ పోలేదండీ, ఉన్నచోటే ఉంది. రఘునాథ్ తోడు లేకుండా పోతాను, అంతే. డైరెక్టర్ అయ్యే తీరతాను."

"అయితావు" అన్నాడు అతను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు ఏ ఊరు పోయినా సరే. నువ్వు లేకపోతే నాకు ఈ తోట గూడా ఏమీ బాగుండదు."

బస్సు వచ్చి పోయింది. ఆమె ఎక్కలేదు.

ఆయుధపూజకు ఒక రోజు ముందు శశికుమార్, పిల్లమ్మ పూలదండలతో హోసూరులో సుబ్బరాయుడి ఇంటికి వచ్చారు. తోటలో జీపుకు ఎదురు నిలిచిన మనిషి అక్కడ కుర్చీ అంచున కూర్చుని చెమటలు కక్కాడు.

"అయ్యా, మీ పూర్ణిమను... అంటే, నేను వ్యవసాయం... ఆమె బొంబాయి పోయి చదువుకున్నా సరే, కాచుకుంటాను... మీరు, అదే, పెద్దోళ్ళు..."

సుబ్బరాయుడికి అంతా అర్థమైంది. మీసంలో నవ్వుకుంటూ కూతురి వైపు తిరిగాడు.

"ఏమంటున్నాడమ్మా ఈ అబ్బాయి? నువ్వు చెప్పు."

పూర్ణిమ తల దించుకోలేదు. "నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు నాన్నా. నేను డైరెక్షన్ నేర్చుకుని వచ్చేదాకా కాచుకుంటాడట. మీరు సరేనంటే చాలట." ఒక్క క్షణం ఊపిరి తీసుకుంది. "నాకు ఆయనంటే ప్రాణమని కూడా అంటున్నాడు."

శశికుమార్ కంగారుపడ్డాడు. "ఆ కడపటి మాట నేను అనలేదు కదా!"

"మీరు అనలేదు" అంది పూర్ణిమ. "అది నేను అన్నాను."