‘ఉప్పుపూత’లో మూడో పాట

హైమ మూడో పాటను పదకొండోసారి వెనక్కి తిప్పింది. రెండో చరణం మధ్యలో డ్రమ్స్ మళ్లీ పరుగందుకున్నాయి. తెర మీది స్వరపటంలో ఆ చోటు ఎర్రగా వెలిగింది. కిటికీ అవతల విశాఖ తీరం పొడవునా ట్రాములు నిన్నటి ఆల్బమ్ లయకే తేలుతున్నాయి. లిఫ్టులూ, కూడలి దీపాలూ, వంతెన మీద జనం అడుగులూ అన్నీ ఆ లయకే. నగరం మెలకువలోనే కల కంటున్నట్టుంది.

నాలుగింటి నుంచి వంతు ‘ఉప్పుపూత’ది. రూత్ పాతికేళ్ల వయసులో రాసి, గిటారు పట్టి పాడిన రాక్ ఆల్బమ్. నలభై ఏళ్లయినా ఆ ఊళ్లో అది రాని నోరు లేదు. తాళం తప్పితే ట్రాములు తడబడతాయి గనక హైమ దోషాలు దిద్ది, శుద్ధప్రతికి వేలిముద్ర వెయ్యాలి. వేసిన మరుక్షణం మూలప్రతి ఇళ్లలోంచి కూడా చెరిగిపోతుంది. ఒక పాటకి రెండు ప్రతులుండటం నగరాన్ని నడిపే యంత్రం నాడీమండలికి గిట్టదు. ఏం పట్టుదలో దానికి!

చెరిపేముందు పాడినవాళ్లు ఒకసారి వినొచ్చు. అందుకే రూత్ వచ్చి పక్కన కూర్చుంది. శుద్ధప్రతిలో డ్రమ్స్ బుద్ధిగా నడిచాయి. ఆవిడ హైమ వైపు తిరిగింది.

“జోజి ఏడమ్మా?”

“డ్రమ్స్ ఆయనవేనండీ. తొందరపడిన చోట సరిచేశాం, తప్పిన మాట పూరించాం, అంతే.”

“తొందరా! వాడేటీ తొందరపడలేదు. నేనే పాట మర్చిపోయాను. ఆపకుండా ఒకే ఊపులో రికార్డు చేస్తన్నాం. మాట గుర్తు రాలేదు. నా మొహం చూసి వాడు పల్లవిలోకి పరిగెత్తాడు, నన్ను లాక్కుపోయాడు. తర్వాత అందరూ వాడికి తాళం రాదన్నారు. నవ్వి ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నానమ్మా, సిగ్గేసి. వాడు పోయేదాకా ఊరుకున్నాను. ఇప్పుడు మీరు నేను పాడని మాట నా గొంతుతోనే పాడించి, వాణ్ణి అక్కణ్ణించి తీసేశారు.”

హైమ మూలప్రతిని మళ్లీ తెర మీదికి తెచ్చింది.

“ముద్ర వేయండి. రెండు నిమిషాలుంది,” అంది గోడలోంచి నాడీమండలి.

“మూలప్రతినే పంపిస్తే?”

“నగరం తడబడుతుంది. మీ ముద్ర రద్దవుతుంది.”

రద్దయితే పదహారేళ్ల ఉద్యోగం గంగలో కలిసినట్టే. హైమకి నిజంగానే భయం వేసింది. అయినా వేలు మూలప్రతి మీదే నొక్కింది.

నాలుగూ పదికి మూడో పాట వచ్చింది. రెండో చరణంలో ట్రాములన్నీ ఒక్కసారి ముందుకు దూకాయి. వంతెన మీద జనం ఎందుకో తెలియకుండానే నాలుగడుగులు పరిగెత్తి, పక్కవాళ్ల చేతులు పట్టుకుని పకపకా నవ్వారు. ఎవరూ పడలేదు.

“తాళం తప్పింది. దోషం ఎవరిది? పేరు నమోదు చేయాలి,” అంది నాడీమండలి.

హైమ తన పేరు చెప్పబోయింది. రూత్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

“నాది. రూత్ అని రాసుకో,” అంది. “ఊరందరికీ వినపడేలా చెప్పు.”